ఒసాకా నగరమున ద్రాక్షరొట్టె

జపాను దేశమున ఒసాకా నగరమును ‘దేశమునకు వంటయిల్లు’ అని పిలుచుట చిరకాలముగ వచ్చుచున్న వాడుక. ఆ వంటయింటిలో మేము చూచిన యొక చిన్న యంత్రమును గూర్చియు, దాని లోపల దాగియున్న స్త్రీహస్తమును గూర్చియు మన సోదరీమణులకు తెలుపవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా వారు ఉపాధ్యాయులగుటచే వేసవి సెలవులలో దప్ప మాకు దూరప్రయాణమునకు తీరిక యుండదు. మా మరిది ఒసాకాలో నుద్యోగము చేయుచు ఆలుబిడ్డలతో నచ్చటనే కాపురమున్నాడు. గడచిన మే నెలలో వారిని చూడ బయలుదేరితిమి. డెబ్బది యారేండ్ల మా అత్తగారు మాత్రము “ఈ వయసులో నాకు విమానము లెందుకమ్మా?” అని మా యాడుబిడ్డ యింట నుండిపోయిరి.

హైదరాబాదులో విమానమెక్కి, బ్యాంకాకులో వేరొక విమానమునకు మారి, మరునా డుదయమున ఒసాకా చేరితిమి. అచ్చటి విమానాశ్రయము సముద్రమును పూడ్చి కట్టిన దీవిమీద నున్నది. 1994లో దానిని తెరచిరి. విమానము దిగుచుండగా నలువంకల నీరే కనబడుటచే మా గుండె ఝల్లుమన్నది. తీరమును కలుపు పొడవైన వంతెనమీదుగా రైలులో నగరము ప్రవేశించితిమి.

ఒసాకా కాలువల నగరము. ఆ నీటిపాయలను, వానిపై వంతెనలను చూడగనే కోనసీమలో పుట్టి పెరిగిన మాకు పుట్టినిల్లు జ్ఞప్తికి వచ్చినది. పోలిక కాలువలతోనే ముగియలేదు. తోకుగవా ప్రభువుల కాలమున నానా సంస్థానముల బియ్యము పడవలపై ఈ నగరమునకే చేరెడిది. కాలువల యొడ్డున ధాన్యపు కొట్లు బారులుతీరి యుండెడివి. దోజిమా యను చోట జరుగు బియ్యపు బేరములకు 1730లో ప్రభుత్వము అనుమతి నిచ్చినది. ధాన్యము చేతికి రాకమునుపే ముందునాటి ధర నిశ్చయించుకొను వ్యాపారము క్రమపద్ధతిని సాగిన తొలిచోట్లలో నిది యొకటి. దేశపు వంటయిల్లను పేరు ఈ బియ్యమువలననే వచ్చినది.

ఇట్టి యన్నపు సీమకు రొట్టె యెట్లు వచ్చినదని పాఠక సోదరీమణులు అడుగవచ్చును. 1543లో పోర్చుగీసువారు జపాను తీరమున కాలుపెట్టిరి. జపానువారు రొట్టెను ‘పాన్’ అందురు. అది పోర్చుగీసు మాటయే. ఆ మాటయే గోవాలో ‘పావు’గా నిలిచినది. నేడు మన వీథులలో నమ్ము పావుబాజీలోని పావునకును, ఒసాకాలోని పానునకును తల్లి యొక్కతెయే! అయినను చిరకాలము రొట్టె జపానువారికి పరాయి తిండిగనే యుండెను. 1874లో తోక్యోలో కిమురా యాసుబే యనువాడు బియ్యపు మద్యమునకు వాడు పులియబెట్టుడు మందుతోనే గోధుమపిండిని పొంగించి, లోపల తీపి చిక్కుడుముద్ద నుంచి ‘ఆన్‌పాన్’ అను రొట్టెను చేసెను. మన బూరెలో పూర్ణమువంటి దది. మరుసటి యేడు చక్రవర్తికి సయిత మా రొట్టెను సమర్పించిరి. పిమ్మట రెండవ ప్రపంచయుద్ధానంతరమున బడిపిల్లల భోజనమున రొట్టె చేరుటతో ఇంటింట నది యలవాటైనది.

ఇక మా తోడికోడలి వంటయింటికి వత్తము. ఆ యిల్లు మన యిండ్లవలె విశాలమైనది కాదు. వంటకు నొక గోడ, గిన్నెలకు నొక అలమర, అంతియే. ఆ యలమరపై బిందెకన్న చిన్నదియు, మూతగల డబ్బావంటిదియు నగు తెల్లని యంత్రము కూర్చుండియున్నది. అంగడి రొట్టెలలో కొన్నింట నెట్టి కొవ్వు కలియునో, గ్రుడ్డు కలియునో పొట్లముమీది జపాను వ్రాతను చదివి తెలిసికొనుట మా తోడికోడలికి తొలినాళ్లలో కష్టమయ్యెనట. “అక్కయ్యా, ఇంట శాకాహారపు రొట్టె తినవలెనని దీనిని కొంటిని” అని చెప్పినది.

యంత్రము పని సులభముగ వివరింతుము. లోపల నొక గిన్నె కలదు. గిన్నె యడుగున వ్రేలెడంత రెక్క యొకటి తిరుగును. రెండువందల యేబది గ్రాముల గట్టి గోధుమపిండి, నూట యెనుబది మిల్లీలీటర్ల నీరు, పది గ్రాముల వెన్న, పదునేడు గ్రాముల పంచదార, ఆరు గ్రాముల పాలపొడి, అయిదు గ్రాముల ఉప్పు గిన్నెలో వేయవలెను. మూడు గ్రాముల యీస్టును పైనున్న వేరొక చిన్న యరలో పోయవలెను. అరువది గ్రాముల ఎండుద్రాక్షను గోరువెచ్చని నీట కడిగి, బట్టతో తడి యొత్తి, దాని ప్రక్క యరలో నుంచవలెను. యీస్టనగా కంటికి కానరాని సన్నజీవుల సముదాయము. అవి పిండిలోని తీపిని తిని వాయువును విడుచును. పిసికిన పిండిలోని జిగురు ఆ వాయువును బుడగలుగా పట్టియుంచును. రొట్టె పొంగుటకు కారణ మిదియే.

మీట నొక్కి మనము పడుకొనవచ్చును. యంత్రము పిండిని కలిపి, పిసికి, తగిన వేళకు యీస్టును తానే రాల్చుకొనును. ద్రాక్షను మాత్రము మొదట వేయదు. మొదటనే వేసినచో రెక్క క్రింద నలిగి రసమై పోవును. పిసుకుట ముగియనున్నపుడు అరతలుపు టక్కున తెరచుకొని పండ్లన్నియు ఒక్కమారుగ పడును. ఆ పిమ్మట పిండి విశ్రమించును, పొంగును, అదే గిన్నెలో కాలును. మొత్తము సుమారు నాలుగు గంటలు. మేమున్న దినములలో ప్రతి యుదయమున ఆ వాసనయే మమ్ము లేపెడిది. యుజు యనెడు నిమ్మజాతి పండు తొక్కను చక్కెరలో నూరవేసి యచ్చట నమ్ముదురు. ఒకనాడు ద్రాక్షతో బాటు దానినిగూడ చేర్చగా, రొట్టెకు మన నారదబ్బ పరిమళము వచ్చినది.

ఒక యుదయమున మా మరిది కూతురు యంత్రపు మూత గాజులోనుండి తొంగిచూచుచు, “దొడ్డమ్మా, దీనికి పిసుకుట నేర్పిన దెవరు?” అని యడిగినది. పదేండ్ల పిల్ల ప్రశ్న యది. దానికి మా మరిది చెప్పిన వృత్తాంతమే ఈ వ్యాసమునకు ప్రాణము.

ఒసాకా ప్రాంతమునకు చెందిన మత్సుషితా సంస్థ, అనగా నేటి పానాసోనిక్, 1985 ప్రాంతమున ఇంట రొట్టె చేయు యంత్రమును నిర్మింపబూనెను. ఎందరో యింజనీర్లు శ్రమించిరి. పైపొర మాడును, లోపల పచ్చిగ నుండును. యంత్రము పిసికిన పిండిని, నిపుణుడు పిసికిన పిండిని ఎక్స్‌రే తీసి పోల్చిరి. అప్పటికిని మర్మము చిక్కలేదు. అప్పుడా సంస్థలో కంప్యూటరు ప్రణాళికలు వ్రాయు తనకా ఇకుకో యను స్త్రీ యొక యుపాయము చెప్పినది. ఒసాకా ఇంటర్నేషనల్ హోటలులోని రొట్టె ఊరిలో మేలైనదని ప్రసిద్ధి. ఆమె యచ్చటి ప్రధాన పాకశిల్పికి శిష్యురాలై, అతని ప్రక్కన నిలిచి పిండి పిసుక నారంభించినది. అతడు తన విద్యను నోట చెప్పలేడు. అతని చేతికే తెలియును. చూచి చూచి, చేసి చేసి, ఆమె కనిపెట్టిన దేమనగా, అతడు పిండిని సాగదీయుట మాత్రమే గాదు, సాగదీయుచు మెలిపెట్టుచున్నాడు! ఆమె తిరిగి వచ్చి యింజనీర్లతో గూడి మరల మరల ప్రయత్నించినది. పిండి మెలిపడుటకై గిన్నె లోపలి గోడకు గట్లవంటి నిడుపాటి యెత్తులు చేర్చిరి. 1987లో యంత్రము అంగడికి వచ్చినది. నోనకా, తకేఉచి యను పండితులు 1995లో ప్రకటించిన గ్రంథమున ఈ వృత్తాంతమును విపులముగ వ్రాసిరి.

ఇది విని మేము గిన్నెను కడుగునపుడు లోపల చేయి పెట్టి చూచితిమి. గోడవెంట ఎత్తుగ నున్న గట్టు వ్రేళ్లకు తగిలినది. ఒక పాకశిల్పి మణికట్టు మెలికయు, దానిని పట్టుకొనిన యొక స్త్రీ యోరిమియు ఆ లోహమునందు నిలిచిపోయినవి గదా యని తోచినది.

ఆ సంస్థాపకుడైన మత్సుషితా కోనోసుకే స్మారకముగ కదోమా యను పట్టణమున 2018లో తెరచిన వస్తుప్రదర్శనశాల కలదు. ప్రవేశ రుసుము లేదు. మా వారితో బోయి చూచితిమి. వెనుకటి సైకిలు దీపములు, ఇస్త్రీపెట్టెలు, బట్టలుతుకు యంత్రములు మొదలగునవి వరుసగ నుంచిరి. మా వారు బోర్డులన్నియు చదువుచుండగా, మేమొక్కొక్క వస్తువువద్ద ‘దీనిలో నే గృహిణి చేయి యున్నదో!’ యని తలపోయుచు నడచితిమి.

ఈ తలంపు వ్యర్థము గాదు. నేడు మన యిండ్లలోను కనబడుచున్న తానే యాగిపోవు విద్యుత్తు అన్నపు కుండ 1955లో తోషిబా సంస్థ ద్వారా తొలిసారిగ వెలువడినది. దానిని రూపొందించిన మినామి యోషితాదా కొక చిన్న కర్మాగారముండెను. అన్న మెప్పుడుడుకునో, ఎప్పుడు మంట తీయవలెనో పరీక్షించి కనుగొనినది ఆయన భార్య ఫుమికో. ఇంటిపని చేసికొనుచునే దినదినము వండి, కొలిచి, వ్రాసియుంచినది. వెలుపలి గిన్నెలో కొలిచి పోసిన నీరు ఆవిరియై పోగనే వేడిమి పెరిగి మీట తనంత పడిపోవును. ఆ యుపాయమునకు పునాది ఫుమికో గారి పరీక్షలు. యంత్రముపై సంస్థ పేరుండును గాని ఆమె పేరుండదు.

మరునాడు మధ్యాహ్నము మా తోడికోడలు అరిసెలు చేయబూని మా యత్తగారికి ఫోను చేసినది. ఇచ్చట పండ్రెండైనచో మన దేశమున ఉదయ మెనిమిదిన్నర. “అత్తయ్యా, బెల్లపు పాకము ఎన్ని నిముషములు కాగవలెను? ఎంత వేడిమి యుండవలెను?” అని కాగితము, కలము పట్టుకొని యడిగినది. అత్తగారు కొంచెముసేపు పలుకలేదు. పిదప, “పాకము చేతికి తెలియును గాని నోటికి తెలియదమ్మా. నీళ్లలో వేసి వ్రేళ్లతో పట్టిచూడుము. చెప్పుటకు నాకు చేతగాదు. నీవు నా ప్రక్కన నిలువవలె” ననిరి.

మేమిద్దరము మొగమొగములు చూచుకొంటిమి. హోటలు పాకశిల్పి చెప్పలేనిదియు నిదియే గదా! అయితే అతని ప్రక్కన నిలుచుట కొకతె వచ్చినది. మా యత్తగారి ప్రక్కన నిలిచిన వారెవరు? మేము పిండి కొట్టించి యిచ్చితిమి, నూనె కాచితిమి. పాకపు వేళకు “మీరు చూడుడత్తయ్యా” యని వారికే విడిచితిమి. నలువది మంది చుట్టములకు అరిసెలు వండిన ఆ చేతులు ఈ రెండేండ్లనుండి వణకుచున్నవి. తోడికోడలు కన్నులు తుడుచుకొని, “అక్కయ్యా, రాబోవు సంక్రాంతికి పిల్లతో గూడ వచ్చెదను. పది దినము లత్తయ్య ప్రక్కనే నిలిచెదను” అనినది. నాడే సెలవు వ్రాయించి టికెట్లు తీయుమని మా మరిదిని తొందరపెట్టినది.

రొట్టె చేయగోరు సోదరీమణులకు కొన్ని సూచనలు. జపానులో విద్యుత్తు నూరు వోల్టులు, మనకు రెండువందల ముప్పది. కావున అచ్చట కొన్న యంత్రమును తగిన ట్రాన్సుఫార్మరు లేక మన గోడకు తగిలింపరాదు. ఇచ్చటి విద్యుత్తునకు తగినదానినే కొనవలెను. మన వేసవిలో పిండి అతివేగముగ పులియును గాన మంచునీటివంటి చల్లని నీటితోనే కలుపవలెను. మన మైదాలో జిగురు సాధారణముగ తక్కువ. రొట్టెకని వేరుగ నమ్ము గట్టిపిండి మేలు. అనాస, బొప్పాయి వంటివి పచ్చిగ వేసినచో వానిలోని గుణము జిగురును తెంపివేయును. ఒకమారు ఉడికించి చల్లార్చి, నీరు వార్చి వేయుడు. యంత్రము లేనివారు చింతింప పనిలేదు. చేతితో నిరువది నిముషములు సాగదీసి మెలిపెట్టి పిసుకుడు. చిన్న ముద్దను రెండు చేతుల సాగదీసినపుడు చిరుగక, వెలుతురు కనబడునంత పలుచని పొరయైనచో పాకము కుదిరినట్లే. ద్రాక్ష నప్పుడే కలుపుడు. రెండింతలు పొంగనిచ్చి, అచ్చులో నింకొకమారు పొంగనిచ్చి, నూట యెనుబది డిగ్రీల వేడిమిలో అరగంటకు పైగ కాల్చుడు. అడుగున తట్టినపుడు డొల్లగ మ్రోగిన రొట్టె కాలినది.

యంత్రములు వచ్చి స్త్రీల విద్యలను మ్రింగివేయునని కొందరు భయపడుదురు. ఒసాకాలో మాకు తెలిసిన దింకొకటి. యంత్రము సయిత మొక చేతివద్ద నేర్చుకొననిదే పిండి పిసుకలేకపోయినది. మ్రింగివేయునది యంత్రము గాదు, మన యశ్రద్ధయే. ‘ఇంటిపనికి చదు వెందుకు, అది యొక విద్యయా?’ అను మాటను మనమే నమ్మి, పెద్దల చేతిలోని దానిని చేతితోనే యందుకొనక విడుచుచున్నాము. సోదరీమణులారా, మీ యింట అత్తగారో, అమ్మమ్మయో ఒక పని చేయుచు “ఏమో, అట్లు వచ్చును” అనినచో, అచ్చట నొక గొప్ప విద్య యున్నదని యెరుగుడు. కాగితము పట్టుకొని యెదుట కూర్చుండకుడు. చేతులు కడిగికొని ప్రక్కన నిలువుడు. మీ కూతుండ్రను, కొడుకులను గూడ నిలుపుడు. ఆ చేతులలో ఇంకను సత్తువ యుండగనే ఈ పని జరుగవలెను.