నార తీత

మా పేటలో "నీ మొదటి ఉద్యోగం ఏటి" అని ఎవరూ అడగరు. "ఎప్పుడు పన్లోకి దిగినావు" అని అడుగుతారు. నా విషయంలో ఆ దిగడం నిజంగానే దిగడం. 1971లో నాగులచవితి రోజున, ఊళ్ళోవాళ్ళు పుట్టల్లో పాలు పోస్తుంటే, మా అమ్మ వెనకాల నేను మా పేట బందలోకి దిగేను. అప్పటికి నాకు తొమ్మిదో ఏడు. పెద్దోళ్ళకి మొలలోతు నీళ్ళు నాకు రొమ్ముదాకా వచ్చేయి. నీళ్ళన్నమాటే గాని అవి నీళ్ళు కావు. ఇరవై రోజులుగా గోగుకట్టలు కుళ్ళుతున్న నల్లటి మురుగు. మొదటి రోజు కక్కుకున్నాను. అమ్మ వీపు మీద ఒకటి చరిచి, "కక్కీసినావు కదా, ఇంక రాదు. పుల్లందుకో" అంది.

మా ఊరు చీపురుపల్లి వైపు. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడే దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. మా దిక్కున చిన్న చెరువుని బంద అంటారు. గోగంటే పచ్చడి చేసుకునే ఆకు ఒక్కటే అనుకునే వాళ్ళ కోసం చెప్తున్నాను. నార కోసం వేసే గోగు మనిషిని మించి పెరుగుతుంది. వానలకి గరువుల్లో జల్లుతారు, దసరా ముందు కోస్తారు. కట్టలు కట్టి నీళ్ళలో పేర్చి, పైన మట్టిగడ్డలు, రాళ్ళు బరువెట్టి ముంచుతారు. పట్ట కుళ్ళి పుల్ల నుంచి వదిలేక నార తీస్తారు. భీమునిపట్నం రేవు నుంచి ఓడలెక్కిన ఈ నారకే ఒకప్పుడు లోకమంతా బిమ్లీ జూట్ అని పేరు. రేవు పేరు దానికొచ్చింది. కుళ్ళునీళ్ళలో నిలబడ్డ వాళ్ళ పేరు ఎక్కడా రాలేదు.

పని చెప్తాను. చదువుకుంటున్న పిల్లలకి తెలియాలి. కట్టలోంచి నాలుగైదు పుల్లలు తియ్యాలి. మొదలు కాడ చెక్కమట్టతో నలగ్గొట్టాలి. జానెడు పైన విరిచి, ఆ ముక్క విదిలించి, నార వేళ్ళకి చుట్టుకుని, పుల్లని నీళ్ళ మీద ముందుకీ వెనక్కీ ఆడిస్తే నార చేతిలోకొచ్చీసి పుల్ల జారిపోతుంది. రాసినంత సులువు కాదు. తొందరపడితే నార మధ్యలో తెగుతుంది. "తెగ్గొట్టకు గుంటడా, నాయుడు కూలి కోసీత్తాడు" అని అమ్మ పక్కనుంచి అరుస్తూనే ఉండేది. తీసిన నారని జాడించి, పిండి, రోడ్డు వారల కర్రలు పాతి ఆరెయ్యాలి. పొద్దు గూకేసరికి అరిచేతులు ఉబ్బి తెల్లగా అయిపోయేవి. వేళ్ళ సందుల్లో పుళ్ళు. కాళ్ళకి జలగలు. రాత్రి అమ్మ మా అందరి కాళ్ళకీ ఆముదం రాసి, తన చేతులకి మాత్రం మర్చిపోయేది.

పెద్దోళ్ళకి కట్టల లెక్కన కూలి. పిల్లలకి లెక్క లేదు. నార తీసిన పుల్లలు మోసుకుపొమ్మనేవారు. పొయ్యిలోకి, దడికి పనికొచ్చేవి. అంటే నా మొదటి జీతం ఒక మోపు పుల్లలు. ఆ పుల్లలతో కాసిన చోడి అంబలి తాగి, నేను కూడా సంపాదిస్తున్నానని గర్వపడ్డాను. ఆ గర్వం అబద్ధమని ఇప్పుడూ అనను.

ఊళ్ళో వాళ్ళకి పెద్ద చెరువుంది, మంచినీళ్ళ నుయ్యి ఉంది. మాకున్నది ఆ బంద ఒక్కటే. తాగడానికదే, స్నానాలకదే, గొడ్లకదే. ఊళ్ళో రైతులు పెద్ద చెరువులో గోగు ముంచరు. నీళ్ళు పాడైపోతాయట. మా బందలో ముంచుతారు. 1927లో మహద్‌లో అంబేద్కర్ జనాన్ని వెంటబెట్టుకుని చెరువు దాకా నడిచి నీళ్ళు తాగేడు. మాది ఇంకో రకం కథ. మమ్మల్ని తమ చెరువు దగ్గరికి రానివ్వని వాళ్ళు తమ కుళ్ళు తెచ్చి మా నీళ్ళలో వేసేవారు. ఆ రెండు నెలలూ చేపలు వెల్లకిలా తేలేవి. ఆడవాళ్ళు గెడ్డలో చెలమలు తవ్వుకుని, చిప్పలతో తోడుకుని, బిందె నింపుకొచ్చేవారు. మేం ముట్టుకుంటే నుయ్యి మైలపడుతుంది. మేం వేళ్ళకి చుట్టి లాగిన నారతో నేసిన గోనెల్లో బియ్యం పోసుకుంటే ఎవరికీ ఏ మైలా అంటదు. 1987లో ఆహారధాన్యాలకి గోనెసంచులే వాడాలని ఢిల్లీలో చట్టం చేసినప్పుడు కూడా నాకు ముందు ఇదే గుర్తొచ్చింది.

పన్నెండో ఏట మా అయ్యకి జబ్బు చేసింది. రెండొందల అప్పుకి నన్ను కంబారి పెట్టేడు. తెలంగాణ వాళ్ళు జీతగాడంటారు, గోదావరి వాళ్ళు పాలేరంటారు. పేడ తియ్యడం, ఎడ్లని తోలుకెళ్ళడం, రాత్రి కళ్ళంలో కాపలా పడుకోవడం. ఏడాదికి ఇంత ధాన్యం, రెండు జతల గుడ్డలు. ఆ ధాన్యం అప్పులోకే చెల్లు. 1975 అక్టోబరులో వెట్టిచాకిరీ రద్దు చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. మర్నాడు నేనేం చేసేనో ఇప్పుడు చెప్పగలను. ఎడ్లకి గడ్డేసేను. ఆర్డినెన్సు సంగతి పదేళ్ళ తర్వాత ఆఫీసులో పాత ఫైలు తిరగేస్తుంటే తెలిసింది. రెండేళ్ళ కంబారితనం నుంచి నన్ను బయట పడేసింది మా ప్రైమరీ స్కూలు మేష్టారు. ఆయన మా అయ్యతో ఏం మాటాడేడో తెలీదు గాని, ఆ వేసవి వెళ్ళేక నన్ను సాంఘిక సంక్షేమ హాస్టల్లో వేసేరు. దీపావళి సెలవులకి ఇంటికొస్తే మళ్ళీ బందలోనే. తిరిగి వెళ్ళేక వారం రోజులు పక్క మంచం కుర్రాడు ముక్కు మూసుకుని పడుకునేవాడు. వాడూ మావాడే. వాళ్ళ ఊళ్ళో గోగు వెయ్యరు, అంతే.

ఇంటర్ పాసయ్యేక, 1982లో, పేరు నమోదు చేయించుకోడానికి ఒక ఆఫీసుకెళ్ళేను. ఫారంలో పూర్వానుభవం అని ఒక గడి. గుమస్తా నిమ్మళంగానే అడిగేడు.

"ఏవైనా పని చేసేవా?"

"చేసేనండీ."

"ఏం పని?"

"గోగునార తీత పదేళ్ళండీ. రెండేళ్ళు కంబారి చేసేను. ఉడుపులు, కోతలు, నూర్పులు..."

ఆయన కళ్ళజోడు తీసి నవ్వేడు. ఎగతాళి నవ్వు కాదు. జాలి నవ్వనుకుంటాను. "అవన్నీ అనుభవం కిందికి రావయ్యా. మీవాళ్ళందరూ చేసేవే కదా. లేదు అని రాసీ" అని తన పెన్నే ఇచ్చేడు.

ఆ మాట చాలాకాలం నమిలేను. మీవాళ్ళందరూ చేసేవే. అందరూ చేస్తారు కాబట్టే అది పని కాదు. ఆయన కొడుకు మామగారి కొట్టులో ఆర్నెల్లు చిట్టా రాస్తే అది అనుభవం. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు నార తీస్తే, అది కులం. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో వ్యవసాయపు పని కూడా ఉండేది. చట్టానికి అది పనే. కాగితం నింపే బల్ల దగ్గరికొచ్చేసరికి కాదు.

తర్వాత రెండేళ్ళు ఒక జూట్ మిల్లులో బదిలీ కూలీగా చేసేను. పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి. పర్మనెంటు వాడెవడైనా రాకపోతే ఆ రోజుకి పని. మేస్త్రీ పేరు అడగలేదు. "ఏ ఊరు? ఊళ్ళోనా, పేటా?" అని అడిగేడు. పేట అన్నాను. బ్యాచింగులో వేసేడు. బేళ్ళు విప్పి, నార మీద నూనె, నీళ్ళు కలిపి చల్లి మెత్తబరిచే చోటు. దుమ్ము, నూనె కంపు. నాకు అదొక లెక్కలోది కాదు. నార చేత్తో పట్టుకోగానే అది ఏ నీళ్ళలో ఊరిందో చెప్పీవాణ్ణి. పారే నీళ్ళలో ఊరితే తెలుపు తిరుగుతుంది, మురుగులో ఊరితే నలుపు. మొదలు సరిగా ఊరకపోతే బెరడు అంటుకుని ఉంటుంది. వారం తిరక్కుండా మేస్త్రీ నన్ను నార ఏరడానికి పిలవడం మొదలెట్టేడు. "ఎవలు నేర్పినార్రా నీకు?" అన్నాడు. "మా యమ్మండీ" అన్నాను. ఆ పని చేసే పర్మనెంటు వాడి కూలి వేరు. నాది బదిలీ కూలే. మా తాతల కాలంలో మా పేటలో గుంటమగ్గాలుండేవి. మాలలు నేసిన ముతక గుడ్డ ఊరంతా కట్టేది. అయినా నన్ను మగ్గాల వైపు ఒక్కరోజు వెయ్యలేదు.

1985లో రిజర్వేషన్ పోస్టులో జూనియర్ అసిస్టెంటుగా చేరేను. ఆ జూలైలోనే కారంచేడు జరిగింది. ఆఫీసులో నా కుర్చీ గురించి, కుండ పక్కన నాకు వేరే పెట్టిన గ్లాసు గురించి చాలామంది చాలా చోట్ల రాసేరు. నాదీ అదే కథ. మళ్ళీ రాయను. ఉద్యోగం నాకిచ్చినది ఒకటుంది. అర్జీ ఎలా రాయాలో నేర్పింది.

1991 ఆగస్టులో చుండూరు జరిగేక మా పేట కుర్రాళ్ళు అంబేద్కర్ సంఘం పెట్టేరు. 1989 అత్యాచారాల నిరోధక చట్టం చదువుతుంటే, దళితులు వాడుకునే నీళ్ళని పాడుచెయ్యడం నేరం అని కనబడింది. రాత్రి పదింటికి మా ఇంటి తలుపు కొట్టేరు. అర్జీ నేనే రాసేను. అది అందిందని తెలిసిన రోజు ఊరి పెద్దలు కబురెట్టేరు. "బందలో ముంచొద్దంటే మానీస్తాం. నార తీతకి మరి పొరుగూరోళ్ళని తెచ్చుకుంటాం. ఆలోచించుకోండి." పేట రెండుగా చీలింది. నీళ్ళు తర్వాత, ముందు కూలి అన్నవాళ్ళని నేను తప్పు పట్టలేను. వాళ్ళకి పిల్లలున్నారు. భయం కూడా వట్టి భయం కాదు. 2012 జూన్ 12న మా దగ్గరి వంగర మండలం లక్ష్మీపేటలో, భూమి దున్నుకున్నందుకు ఐదుగురు దళితుల్ని చంపేరు.

మాట తేల్చింది ఆడవాళ్ళు. మా అమ్మా, ఇంకో పదిమందీ కామందు అరుగు ముందుకెళ్ళి నిలబడ్డారు. "మా బంద మాకొదిలీండి బావూ. మీ గోగు గెడ్డలో ముంచుకుంటారో ఎక్కడ ముంచుకుంటారో, అక్కడికొచ్చి తీత్తాం. కూలి మాత్రం ఇంక నుంచి రూపాయిల్లో. పిల్లలకి గూడా."

ఆ ఏడు మమ్మల్ని పిలవలేదు. రెండు నెలల కూలి పోయింది, పుల్లలు పోయేయి. కంపలు కొట్టుకొచ్చి వండుకున్నాం. బందలో మాత్రం కార్తీకమాసంలో మొదటిసారి మా పిల్లలు ఈతలు కొట్టేరు. పై ఏడు పొరుగూరివాళ్ళు కూడా రూపాయిల్లోనే అడిగేరట. మళ్ళీ మాకు కబురొచ్చింది.

తర్వాత గోగే తగ్గిపోయింది. ప్లాస్టిక్ సంచులొచ్చేయి, గరువుల్లో మొక్కజొన్న వచ్చింది. 1994 జనవరిలో నెల్లిమర్లలో జూట్ కార్మికుల మీద పోలీసు కాల్పులు జరిగి మనుషులు పోయేరు. చిట్టివలస మిల్లు 2009లో మూతబడింది. మా పేట కుర్రాళ్ళిప్పుడు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై వెళ్ళి స్లాబు పన్లోకి దిగుతున్నారు. వాళ్ళనడిగినా మొదటి ఉద్యోగం అనరు.

మా అమ్మకిప్పుడు ఎనభై దాటేయి. పింఛను ఇవ్వడానికి సచివాలయం నుంచి ఒక పిల్ల వస్తుంది. మా పక్క పేట పిల్లే. డిగ్రీ చదివి మొదటిసారి ఉద్యోగంలో చేరింది. మిషను మీద అమ్మ బొటనవేలు పెట్టిస్తే ముద్ర పడలేదు. చూపుడువేలు పెట్టిస్తే పడలేదు. పది వేళ్ళూ అయ్యేయి.

"మామ్మా, చెయ్యి తుడుసుకుని ఇంకోపాలి పెట్టు" అంది ఆ పిల్ల.

"తుడవడానికి ఏటుందే అమ్మా. ఆ గీతలన్నీ నారతో ఎల్లిపోనాయి" అంది అమ్మ.

ఆ పిల్లకి అర్థం కాలేదు. నేను చెప్పేను, బంద నుంచి మొదలెట్టి. నిలబడే విన్నది. తర్వాత ముఖం ఫొటో తీసి డబ్బులిచ్చింది. వచ్చే నెల మిషను మళ్ళీ ముందు వేలే అడుగుతుందట.