లారీకి లాప్‌టాప్ వైద్యం

'ఒరేయ్, బండికి జ్వరమొస్తే ముందు నాడి చూడాలి. చూడకుండానే సూది వేస్తానంటాడేంట్రా ఇతను?'

విజయవాడ ఆటోనగర్‌లో ఓ షెడ్డు ముందు, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఓ పెద్దాయన అన్న మాట అది. ఎదురుగా పద్నాలుగు టైర్ల లారీ. డ్రైవరు సీటు మీద తెరిచిన లాప్‌టాప్. దాన్నుంచి స్టీరింగు కిందికి వెళ్లిన ఓ కేబుల్. ఆ లాప్‌టాప్ తెచ్చిన కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. 'పావుగంట పని అంకుల్. ఏవరేజీ అర కిలోమీటరు పెరుగుద్ది. పుల్లింగ్ ఎలా ఉంటుందో మీరే చూస్తారు. యూరియా పోసే పని కూడా ఉండదు' అంటున్నాడు.

పెద్దాయన కొడుకు ఔననలేదు, కాదనలేదు. అతని లెక్కలు అతనివి.

2021లో కొన్న బీఎస్-6 లారీ అది. నెలకు 70 వేల పైచిలుకు వాయిదా. చేతి నుంచి కట్టాల్సిన డబ్బు కోసం ఇంటి కాగితాలు తాకట్టులోకి వెళ్లాయి. జగ్గయ్యపేట వైపు నుంచి సిమెంటు లోడు, విశాఖ నుంచి తిరుగు లోడు. నెలకు ఎనిమిది వేల కిలోమీటర్లు తిరుగుతుంది. లీటరుకు 3.8 కిలోమీటర్లు ఇచ్చిన బండి 2024 వేసవి నాటికి 3.4కు పడిపోయింది. చూడ్డానికి చిన్న తేడానే. కానీ నెలకు దాదాపు 250 లీటర్లు! లీటరు వంద రూపాయలనుకున్నా పాతిక వేలు. కిరాయిలు పెరగవు, వాయిదా ఆగదు. అలాంటప్పుడు లాప్‌టాప్ పట్టుకొచ్చిన కుర్రాడు దేవుడిలాగే కనిపిస్తాడు.

'రేపు చెబుతాం బాబూ' అని ఆ పూటకు కుర్రాణ్ని పంపించేశారు.

రెండు చుట్ల స్క్రూ

పెద్దాయన భయానికి ఓ కారణముంది. 1994లో ఆయన సొంత లారీ నడిపేవారు. అప్పట్లో లాప్‌టాపుల్లేవు. ఇంజినుకు ఎంత డీజిల్ వెళ్లాలో పంపు చూసుకునేది. పంపు మేస్త్రీ దాన్ని బల్ల మీద బిగించి, ఒక్కో సిలిండరుకు ఎంత పడుతోందో గాజు గొట్టాల్లో కొలిచి సీలు వేసేవాడు. ఆ సీలు తీయించి స్క్రూ రెండు చుట్లు తిప్పిస్తే చాలు, డీజిల్ ఎక్కువ పడేది. పొగ నల్లగా వచ్చేది. బండి మాత్రం ఏనుగులా లాగేది!

ఆయనా తిప్పించారు. నెల రోజులు రోడ్డు మీద రాజాలా తిరిగారు. తర్వాత రాయపూర్ లోడుతో సాలూరు దాటి ఘాట్ ఎక్కుతుండగా పిస్టన్ కరిగి పట్టేసింది. మూడు రోజులు రోడ్డు పక్కనే కాపురం. ఇంజిను బోరుకు తేవడానికి భార్య గాజులు తాకట్టులోకి వెళ్లాయి. వాటిని విడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఆమె ఏనాడూ ఒక్క మాటా అనలేదు. 'తిట్టినా బాగుండేది' అంటారాయన ఇప్పటికీ.

అసలు జరిగిందేంటి? డీజిల్ పూర్తిగా మండాలంటే తగినంత గాలి కావాలి. గాలి పెంచకుండా డీజిల్ ఒక్కటే పెంచితే కొంత మసిగా బయటికి పోతుంది. లోపల వేడి పెరుగుతుంది. చదును రోడ్డు మీద ఆ వేడిని ఇంజిను ఎలాగో తట్టుకుంటుంది. నిండు లోడుతో గంటసేపు ఘాట్ ఎక్కాల్సి వస్తే తట్టుకోలేదు. పిస్టన్, వాల్వులు, టర్బో... వీటిలో ఏది ముందు పోతుందన్నదే తేడా.

స్క్రూ పోయి ఫైలొచ్చింది

ఇప్పటి లారీలో ఆ స్క్రూ లేదు. దాని స్థానంలో ఈసీఎం అనే చిన్న పెట్టె వచ్చింది. లారీ టైరులో గాలి ఒత్తిడి 8 బార్ ఉంటుందనుకుంటే, కామన్ రెయిల్ గొట్టంలో డీజిల్ ఒత్తిడి 1,600 బార్ దాటుతుంది. ఎంత ఒత్తిడితో, ఏ క్షణంలో, ఎంతసేపు డీజిల్ చిమ్మాలో నిర్ణయించే పట్టికలన్నీ ఆ పెట్టెలో ఓ ఫైలుగా ఉంటాయి. ట్యూనింగ్ అంటే ఆ అంకెలు మార్చడమే.

దానికి మార్గాలు రెండు. మొదటిది చిప్ బాక్సు. రెయిల్ ఒత్తిడి కొలిచే సెన్సరుకూ ఈసీఎంకూ మధ్య దీన్ని తగిలిస్తారు. ఉన్న ఒత్తిడి కంటే తక్కువ ఉన్నట్టు ఇది ఈసీఎంకు అబద్ధం చెబుతుంది. పాపం అది నమ్మి ఒత్తిడి పెంచుతుంది. ధర తక్కువ, తగిలించడం తేలిక, తీసేయడమూ తేలిక. కానీ అబద్ధం మీద నడిచే ఇంజినుకు తన అసలు పరిస్థితి తనకే తెలియదు. రెండోది రీమ్యాప్. ఈసీఎంలోని ఫైలును చదివి, సాఫ్ట్‌వేర్‌లో మార్చి, తిరిగి అందులోనే రాయడం.

ఆ రాత్రి నుంచి కొడుకు దీని మీదే పడ్డాడు. అతని మనసులో ఇంకో ఆలోచన కూడా ఉంది. ఆ పరికరమేదో మనమే కొనేస్తే? మన బండికీ పనికొస్తుంది, ఆటోనగర్‌లో మరో పది బళ్లకు చేస్తే ఖర్చూ తిరిగొస్తుంది!

తెలుసుకునే కొద్దీ చిక్కులు పెరిగాయి. ఫైలు చదివి రాసే పరికరం వేరు, దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్ వేరు. ఇటలీ కంపెనీ ఏలియన్‌టెక్ తయారుచేసే కెస్ లాంటివి మొదటి రకం. జర్మనీ నుంచి వచ్చిన విన్‌ఓఎల్‌ఎస్ లాంటివి రెండో రకం. పరికరాల్లో మళ్లీ మాస్టర్, స్లేవ్ అని రెండు. మాస్టర్ ఉంటే ఫైలు మనమే మార్చుకోవచ్చు. స్లేవ్ అయితే ఫైలుకు తాళం పడుతుంది, ఆ తాళం తెరవగల మాస్టర్ యజమాని దగ్గరికే పంపాలి. అంటే ధర తగ్గినా జుట్టు ఇంకొకరి చేతిలో ఉంటుంది.

ఇక నకిలీల సంగతి. అసలు పరికరం రూపంలోనే ఉండే నకిలీలు అందులో ఎన్నో వంతు ధరకే దొరుకుతాయి. ఫైలు రాస్తుండగా మధ్యలో ఆగిపోయినా, లెక్క సరిచూసే చెక్‌సమ్ తప్పినా ఈసీఎం మూగబోతుంది. సెల్ఫ్ కొట్టినా బండి పలకదు. అసలు పరికరంతోనూ జాగ్రత్త తప్పదు. రాసేటప్పుడు బ్యాటరీ ఓల్టేజీ పడిపోకుండా బయటి నుంచి కరెంటు ఇవ్వాలి. అసలు ఫైలును ముందే భద్రం చేసుకోవాలి. ఆ ఫలానా ఈసీఎంకు ఆ పరికరం పనిచేస్తుందో లేదో కొనకముందే ఖాయం చేసుకోవాలి.

మర్నాడు వచ్చిన కుర్రాణ్ని అతను నాలుగే ప్రశ్నలడిగాడు. 'అసలు ఫైలు కాపీ మాకిస్తారా? ఏయే అంకెలు మారుస్తారో కాగితం మీద రాసిస్తారా? పొగగొట్టంలో వేడి ఎంత పెరిగిందో కొలిచి చూపిస్తారా? ఇంజిను పోతే బాధ్యత ఎవరిది?'

'ఇంతమందికి చేశాం అన్నా, ఎవరూ ఇలా అడగలేదు' అన్నాడా కుర్రాడు. సమాధానం దొరికినట్టే!

యూరియా ఆపేస్తే...

'యూరియా పోసే పనుండదు' అన్న మాట వినడానికి బాగుంటుంది. బీఎస్-6 లారీ పొగగొట్టంలో రెండు ముఖ్యమైన కాపలాలుంటాయి. మసిని పట్టి ఉంచే ఫిల్టరు ఒకటి. డ్రైవర్లు 'యూరియా' అని పిలిచే ద్రవాన్ని చల్లి నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టే వ్యవస్థ ఇంకోటి. ఆ ద్రవంలో యూరియా 32.5 శాతం, మిగతాదంతా శుద్ధమైన నీరే. అది అయిపోతే ఈసీఎం హెచ్చరిస్తుంది, ఆ తర్వాత ఇంజిను శక్తిని కోసేస్తుంది. ఫైలు మార్చి ఈ కాపలాలను నిద్రపుచ్చడమే కుర్రాడు చెప్పిన చిట్కా.

చట్టం దీన్ని ఒప్పుకోదు. బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019లో సవరించిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పులు చేయించుకున్న యజమానికి ఆర్నెల్ల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వారంటీ పోయే ప్రమాదం, ప్రమాదం జరిగితే బీమా దగ్గర పేచీ అదనం.

చట్టం సంగతి అటుంచితే, ఆ పొగ ఎక్కడికి పోతుంది? డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే తేల్చింది. అమెరికాలో పదేళ్లలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్ ట్రక్కుల్లో ఇలా కాపలాలు తీసేశారని అక్కడి పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసింది. అక్కడ ఇదో పెద్ద వ్యాపారం. ఆటోనగర్‌లో అది ఒక్కో షెడ్డులో, ఒక్కో లాప్‌టాప్‌తో మొదలవుతుంది. ఆ పొగ ముందుగా పీల్చేది షెడ్డుల్లో పనిచేసే మెకానిక్‌లే, టైర్ల మధ్య నిద్రపోయే క్లీనర్లే.

నాడి దొరికింది

చివరికి కొడుకు ఓ పరికరం కొన్నాడు. కాకపోతే అది ఫైలు రాసేది కాదు, చదివేది. కార్లకు వాడే చవక రీడర్లు పెద్ద లారీల దగ్గర చాలావరకు పనికిరావు. లారీలో భాగాలు మాట్లాడుకునే జే1939 భాష తెలిసిన స్కానరే కావాలి. అది దొరికాక నిండు లోడుతో నందిగామ దాకా తనే పక్కన కూర్చుని వెళ్లాడు. తిరిగొచ్చి నాన్న ముందు లాప్‌టాప్ పెట్టాడు.

'నాన్నా, టర్బో నుంచి ఈసీఎం అడుగుతున్న గాలి ఇదీ. వస్తున్నది ఇదీ. ఇంత తేడా ఉంది.'

పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నారు. అంకెల వైపు కాసేపు చూశారు. 'అయితే గాలి ఎక్కడో పోతోందిరా. సబ్బు నీళ్లు పట్రా' అన్నారు.

ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం కింది వైపు, క్లిప్పు దగ్గర బుడగలొచ్చాయి. వేలెడంత చీలిక! గాలి తగ్గింది కాబట్టి మసి పెరిగింది. మసి పెరిగింది కాబట్టి ఫిల్టరు త్వరగా నిండుతోంది. దాన్ని కాల్చి శుభ్రం చేసుకోవడానికి బండి మాటిమాటికీ అదనంగా డీజిల్ తాగుతోంది. ఏవరేజీ పోయింది అక్కడ.

ఒకవేళ ఆ కుర్రాడి మాట విని ఉంటే? ఫిల్టరు కాపలా ఆగేది, ఏవరేజీ కాస్త పెరిగినట్టే కనిపించేది. గాలి తక్కువున్న ఇంజినులోకి ఇంకాస్త డీజిల్ పడేది. అంటే 1994 నాటి స్క్రూనే మళ్లీ తిప్పినట్టు!

స్కానర్ ఇంకో రెండు నిజాలు చెప్పింది. ఏసీ కోసం, లోడింగు క్యూలో బద్ధకం కోసం ఇంజిను గంటల తరబడి ఖాళీగా ఆడుతోంది. అలా ఆడినప్పుడు గంటకు రెండు మూడు లీటర్లు పోతాయి. చాలా కొత్త లారీల్లో లోడును బట్టి మార్చుకునే లైట్, మీడియం, హెవీ స్విచ్ ఉంటుంది. ఇదీ కంపెనీవాళ్లు ఇచ్చిన ట్యూనింగే, చట్టబద్ధమైనదే! డ్రైవరు మాత్రం ఖాళీ బండినీ హెవీలోనే నడుపుతున్నాడు. అడిగితే 'హెవీలో ఉంటే ధైర్యంగా ఉంటుంది బాబూ' అని నవ్వాడు. ఖాళీ ఆట తగ్గిస్తే మిగిలిన డీజిల్‌లో సగం డబ్బు అతనిదేనని ఒప్పందం చేసుకున్నారు.

గొట్టం మార్చి, మూడు ట్రిప్పులు ట్యాంకు నిండా కొట్టించి లెక్క చూశారు. అదే డ్రైవరు, అదే రోడ్డు, అదే లోడు. ఏవరేజీ 3.8కి వచ్చింది. కొత్తగా పెరిగిందేమీ లేదు, పోయింది తిరిగొచ్చింది, అంతే.

ఆ సాయంత్రం ఇంట్లో ఆ మాట చెబుతుంటే, పెద్దాయన భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్నారు. 'ఆ మిషనేదో అప్పుడే ఉంటే బాగుండేది' అన్నారు, చేతి గాజులు వెనక్కి జరుపుకుంటూ.

ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ విషయం మీద ఆమె అన్న మొదటి మాట అది. పెద్దాయన తల దించుకుని నవ్వారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, 'రేపు ఆ అంకెలు చదవడం నాకూ నేర్పరా' అన్నారు.