పాట ఆపే మనిషి ఎవరు?

రాజమండ్రి

ప్రియమైన బావా,

నీ ఉత్తరం అందింది. 

మీ తెలుగువాళ్లంతా కలిసి హ్యూస్టన్ శివార్లలో మైదానం అద్దెకు తీసుకుని, వచ్చే మే నెలలో ఆరుబయట పాటల కచేరీ పెడుతున్నారనీ, ఐదు వేల మంది దాకా రావచ్చనీ, భద్రత బాధ్యత నీ నెత్తిన పెట్టారనీ రాశావు. ఫైర్ సర్వీసులో చేసి రిటైరైనవాణ్ణి కదా అని ఎన్ని అంబులెన్సులు, ఎంతమంది వాలంటీర్లు, ఎన్ని మంటలార్పే సిలిండర్లు కావాలో లెక్క రాసి పంపమన్నావు. పంపుతాను, అదేమంత పెద్ద పని కాదు. అక్కడి ఫైర్ మార్షల్ ఆఫీసు వాళ్లు ఎలాగూ వాటి గురించి అడుగుతారు. దానికంటే ముందు నిన్ను ఒక మాట అడగాలి. కచేరీ మంచి ఊపులో ఉండగా ఆపేయాల్సి వస్తే, ఆపమని చెప్పే మనిషి ఎవరు? మీ ప్లానులో ఆ మనిషి పేరు రాసి ఉందా?

ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నానో నీకు నేను చెప్పక్కర్లేదు. 2021 నవంబరు 5 రాత్రి ఎన్.ఆర్.జి. పార్కులో ఏం జరిగిందో నువ్వు ఆ ఊళ్లోనే ఉండి చూశావు. ఆస్ట్రోవరల్డ్ అనే ఆ సంగీతోత్సవానికి దాదాపు 50 వేల మంది వచ్చారు. పది మంది ప్రాణాలు పోయాయి. అందరిలో చిన్నవాడికి తొమ్మిదేళ్లు, అందరికంటే పెద్ద వయసు 27. అందరూ ఛాతీ మీద ఒత్తిడి పడి ఊపిరాడకే పోయారు. ఆ పండగ నిర్వాహకుల దగ్గర ప్లాను లేకపోలేదు. 56 పేజీల ప్లాను ఉంది. గాలివాన వస్తే ఏం చేయాలో ఉంది, బాంబు బెదిరింపు వస్తే ఏం చేయాలో ఉంది, ఎవడైనా తుపాకీతో కాల్పులు జరిపితే ఏం చేయాలో ఉంది. ఎవరైనా చనిపోయారని అనుమానం వస్తే రేడియోలో ఏ మారుపేరు వాడాలో కూడా రాసిపెట్టుకున్నారు. జనం వేదిక వైపు ఒక్కసారిగా ఒత్తుకొస్తే ఏం చేయాలో మాత్రం అందులో లేదు.

అలా ఒత్తుకొస్తారని ముందే తెలియాల్సిన కారణాలు కళ్లెదురుగానే ఉన్నాయి. పెద్ద వేదిక మీద ఆ రోజు పాడేది ట్రావిస్ స్కాట్ ఒక్కడే. మిగతావాళ్లంతా రెండో వేదిక మీద పాడారు. అక్కడ పాట అయిపోగానే ఆ జనమంతా పెద్ద వేదిక దగ్గరికి వచ్చి, అప్పటికే గంటలకొద్దీ కాచుకుని ఉన్నవాళ్ల మీద పడ్డారు. అది చాలదన్నట్టు తెర మీద నిమిషాలు తగ్గుతూ వచ్చే గడియారం పెట్టారు. ముందున్నవాళ్లకి మూడు వైపులా ఇనప బారికేడ్లు. తొమ్మిది దాటి రెండు నిమిషాలకి గాయకుడు వేదికెక్కాడు. 9.38కి పెద్ద ఎత్తున ప్రాణాపాయం జరుగుతోందని అధికారులు ప్రకటించారు. పాట మాత్రం పది దాటాక గానీ ఆగలేదు. ఆ అరగంట గురించి ఆలోచించు బావా. పదిమంది డాక్టర్లని అదనంగా పెట్టినా ఆ అరగంటని వెనక్కి తెచ్చేవాళ్లు కాదు. కచేరీ ఆపే అధికారం ప్లాను ప్రకారం ఇద్దరంటే ఇద్దరికే ఉంది. జనం మధ్యలో నిలబడి, కళ్లముందు జరుగుతున్నది చూస్తున్న సెక్యూరిటీ కుర్రాడికి ఆ అధికారం లేదు. 2023లో గ్రాండ్ జ్యూరీ ఎవరి మీదా క్రిమినల్ అభియోగం మోపనక్కర్లేదంది. అది చట్టం సంగతి. నీకూ నాకూ కావాల్సింది అది కాదు.

అదే దేశంలో, అంతకు పదేళ్ల ముందు 2011 ఆగస్టు 13న ఇండియానా స్టేట్ ఫెయిర్లో ఇంకో రకంగా ఇదే జరిగింది. తుఫాను గాలి వస్తోందని కబురు అందింది. కచేరీ ఆపాలా, వాయిదా వేయాలా, జనాన్ని ఖాళీ చేయించాలా అని ఒకళ్లనొకళ్లు అడుగుతూ కూర్చున్నారు. గాలి వచ్చి వేదిక పైకప్పు చట్రాన్ని జనం మీద పడేసింది. ఏడుగురు పోయారు. తర్వాత విచారణ చేసినవాళ్లు రెండు సంగతులు తేల్చారు: నిబంధనల ప్రకారం ఎంత గాలికి నిలవాలో అంతకంటే బాగా తక్కువ గాలికే ఆ చట్రం పడిపోయింది. ఆపే అధికారం ఎవరిదో అక్కడున్న ఎవరికీ స్పష్టంగా తెలియదు.

మే నెల అంటే మీ దగ్గర గాలివానల కాలం. 2024 మే 16న మీ డౌన్‌టౌన్‌లో మేడల అద్దాలు రాలిపోయిన గాలి నీకు గుర్తుండే ఉంటుంది. స్టేజీ కట్టే కాంట్రాక్టరు దగ్గర, ఎంత వేగం గాలి వస్తే లైట్లూ స్పీకర్లూ కిందికి దించాలి, ఎంత వస్తే వేదిక ఖాళీ చేయాలి అని ఇంజనీరు సంతకంతో రాయించుకో. గాలి వేగం కొలిచే మీటరు వేదిక మీదే పెట్టించు. ఉరుము వినబడిందంటే పిడుగు అందుబాటులో ఉన్నట్టే లెక్క. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా మళ్లీ మొదలుపెట్టొద్దు. ఐదు వేల మందీ ఆ అరగంట ఎక్కడ ఉంటారు? కార్లలోనా, షెడ్లలోనా? ఇది ఆ రోజు ఆలోచించే విషయం కాదు.

"మనవాళ్లంతా కుటుంబాలతో వచ్చేవాళ్లు, కుర్రకారులా తోసుకోరు" అని రాశావు. ఈ మాట నన్ను చాలా కలవరపెట్టింది. 2015 జులై 14 ఉదయం మన పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది పోయారు. వాళ్లూ కుటుంబాలతో స్నానానికి వచ్చినవాళ్లే. ఎవరూ ఎవరినీ కావాలని తోయలేదు. చెన్నైలో 2023 సెప్టెంబరు 10న రెహమాన్ కచేరీకి వచ్చినవాళ్లు చాలామంది పిల్లాపాపలతో వచ్చినవాళ్లే. టికెట్టు కొనుక్కున్న జనం కూడా లోపలికి పోలేక, ఆ తోపులాటలో ఆడవాళ్లు నానా బాధలూ పడ్డారు. అక్కడ ప్రాణాలు పోలేదు, అంతవరకూ నయం. జనం మంచివాళ్లా కాదా అన్నదానికీ ఈ ప్రమాదానికీ సంబంధం లేదు. వెనకనున్నవాడికి ముందు ఏం జరుగుతోందో కనబడదు. వాడు ఒక్క అడుగే వేస్తాడు. అలాంటి అడుగులు వందలు కలిసి ముందువాళ్ల పక్కటెముకల మీద పడతాయి.

వాలంటీర్లకి శిక్షణ ఇచ్చేటప్పుడు నేను సున్నంతో నేల మీద మీటరు పొడవు, మీటరు వెడల్పు చదరం గీయించేవాణ్ణి. అందులో ఇద్దరిని నిలబెడితే హాయిగా కబుర్లు చెప్పుకుంటారు. నలుగురైతే, జేబులో ఫోను తీయగలరు, పక్కకి తప్పుకోగలరు. ఐదో మనిషి వచ్చేసరికి మోచేతులు తగులుతాయి, నవ్వులు మొదలవుతాయి. ఆరో మనిషి వచ్చాక జారిపోయిన చెప్పుని వంగి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. ఏడోవాణ్ణి కూడా ఎక్కిస్తే నవ్వులు ఆగిపోతాయి. కిందున్న చేతులు కిందే ఉండిపోతాయి, ఒకడు దగ్గితే ఏడుగురూ కదులుతారు. అప్పుడు చెప్పేవాణ్ణి: ఈ చదరం చుట్టూ ఇలాంటివే ఇంకో వెయ్యి ఉన్నాయనుకోండి, చీకటనుకోండి, పెద్ద చప్పుడనుకోండి. కింద పడి నలిగితేనే చనిపోతారని మనం అనుకుంటాం. ఆ ఒత్తిడిలో నిలబడ్డ మనిషికి నిలబడ్డట్టే ప్రాణం పోతుంది. నీ కమిటీ వాళ్లని కూడా పార్కింగులో చదరం గీసి నిలబెట్టు. ఉపన్యాసం అక్కర్లేదు.

నీ మైదానంలో చదరపు మీటరుకి నలుగురు దాటే చోటు ఏది రావచ్చు? వేదిక ముందు, గేటు దగ్గర. ఈ రెండే. వేదికకి రెండు పక్కలా ఎత్తు మీద ఒక్కో మనిషిని, గాయకుడికి వీపు పెట్టి జనం వైపు చూసేలా నిలబెట్టు. పాటల పిచ్చి ఉన్నవాళ్లని ఆ పనికి పెట్టకు. వాళ్లు చూడాల్సింది మొహాల్ని. జనం వరసలు వరసలుగా పక్కకి ఊగుతున్నారా, చప్పట్లు కొట్టడం ఆగిపోయిందా, పిల్లల్ని తలల మీదుగా ముందుకి అందిస్తున్నారా అని. అందులో ఏది కనబడినా వాళ్లు ఎవర్నీ అడగకుండా, వాకీటాకీలో ఒక్క మాటతో పాట ఆపించగలగాలి. తప్పుడు అంచనాతో ఆపితే ఐదు నిమిషాల పాట పోతుంది, అంతే. ఆ ఐదు నిమిషాలకి వాళ్లని ఎవరూ నిలదీయకూడదని మీ అధ్యక్షుడి చేత అందరిముందూ చెప్పించు.

ఆపడానికీ ఒక వరస ఉంది. ముందు మైదానంలో లైట్లు వెలగాలి. తర్వాత వాద్యాలు ఆగాలి. మైకు, స్పీకర్లు మాత్రం ఆపకూడదు, వాటి కరెంటు జనరేటరు వేరేగా ఉండాలి. కంగారులో మొత్తం కరెంటు తీసేస్తే చీకట్లో జనానికి చెప్పే దారే ఉండదు. మాట చెప్పాల్సింది గాయకుడే, కార్యదర్శి చెబితే వినరు. డెన్మార్కులో రోస్కిల్డే పండగలో 2000 జూన్ 30న పెర్ల్ జామ్ బృందం పాడుతుండగా తొమ్మిదిమంది కుర్రాళ్లు ఊపిరాడక పోయారు. ముందు ఏం జరుగుతోందో తెలిశాక గాయకుడు పాట ఆపి, జనాన్ని మూడడుగులు వెనక్కి వేయమని అడిగాడు, వాళ్లు విన్నారు. అప్పటికే ఆలస్యమైంది. ఆ కబురు ఆయనకి ముందే అందే ఏర్పాటు ఉంటే ఎంత బాగుండేది! తర్వాత ఆ పండగ వాళ్లు వేదిక ముందు భాగాన్ని బారికేడ్లతో విడగొట్టి, లోపలికి లెక్కపెట్టి పంపడం మొదలెట్టారు. మీరూ అదే చేయండి. మీ గాయకుల మేనేజర్లతో ఒప్పందం కాగితంలోనే ఈ సంగతి రాయించు. ఆపమన్న సైగ చూస్తే చరణం మధ్యలో ఉన్నా ఆపాలి. చెప్పాల్సిన నాలుగు వాక్యాలు తెలుగులో, ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో అచ్చువేసి వేదిక మీద అంటించు.

గేటు సంగతి. 2023 నవంబరు 25న కొచ్చిలో సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ ఆరుబయలు ఆడిటోరియంలో విద్యార్థుల పండగకి కచేరీ పెట్టారు. వాన మొదలైంది. బయట ఉన్నవాళ్లు తలదాచుకోవడానికి ఒక్కసారిగా గేటు వైపు పరిగెత్తారు. గేటు దాటగానే నిటారు మెట్లు. నలుగురు పోయారు, అందులో ముగ్గురు ఆ యూనివర్సిటీ పిల్లలే. లోపల ఇంకా జాగా ఉంది, ఆ విషయం మర్చిపోకు. మైదానంలో ఎంతమంది పడతారన్న లెక్క గేటు దగ్గర పనికిరాదు. జర్మనీలో డ్యూస్‌బర్గ్ లవ్ పరేడ్‌లో 2010లో సంగీతోత్సవానికి వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ ఒకే దారి పెట్టి 21 మందిని పోగొట్టుకున్నారు.

చదునైన నేల మీద, మీటరు వెడల్పున్న దారి నుంచి నిమిషానికి 82 మంది దాటగలరని ఇంగ్లాండు స్టేడియం మార్గదర్శకాల్లో లెక్క ఉంది. నీ బయటి దారులన్నీ కలిపి నాలుగు మీటర్లే అయితే ఐదు వేల మంది బయటపడటానికి పావుగంట పడుతుంది. ఎనిమిది మీటర్లు చేస్తే ఎనిమిది నిమిషాల లోపు. స్టాళ్ల వాళ్లు మిర్చి బజ్జీల బండి గేటు పక్కన పెడతామంటారు, అక్కడే బేరం బాగుంటుంది మరి. ఒప్పుకోకు.

నీళ్లు ఉచితంగా ఇప్పించు, ఇంటినుంచి తెచ్చుకున్న సీసాలు గేటు దగ్గర లాక్కోవద్దు. రియోలో 2023 నవంబరులో ఎండ మండిపోతున్న రోజున టేలర్ స్విఫ్ట్ కచేరీకి వచ్చిన 23 ఏళ్ల అమ్మాయి వడదెబ్బకి చనిపోయింది. ఆ మర్నాడే అక్కడి ప్రభుత్వం, జనం తెచ్చుకునే నీళ్లని అడ్డుకోకూడదని ఉత్తర్వు ఇచ్చింది. చిన్నపిల్లలకి తల్లిదండ్రుల ఫోను నంబరు రాసిన కాగితం పట్టీ గేటులోనే చేతికి కట్టండి. తాతలకీ బామ్మలకీ కూడా కట్టండి.

నువ్వడిగిన లెక్కలన్నీ వేరే కాగితం మీద వేసి రెండు రోజుల్లో పోస్టు చేస్తాను. ఈ లోపు నువ్వు చేయాల్సింది ఒకటుంది. వచ్చే కమిటీ మీటింగులో, పాట ఆపే మనిషి పేరు, ఆ మనిషి లేకపోతే ఎవరు అన్న పేరు ప్లాను మొదటి పేజీలో రాయించి, అందరి చేతా సంతకాలు పెట్టించు. వాళ్లు ఒప్పుకోకపోతే నువ్వు ఈ బాధ్యత తీసుకోకు, స్నేహం కొద్దీ కూడా తీసుకోకు. ఒప్పుకుంటే మైదానం పటం గీసి పంపు. గేట్ల వెడల్పు అంగలతో కాకుండా టేపుతో కొలిచి రాయి.

ఇట్లు,
నీ బావ