అంటారియోలో సాల్మన్ వేళ

అమెరికా, కెనడా సరిహద్దులోని అయిదు మహా సరస్సుల్లో వైశాల్యంలో చిన్నది అంటారియో. చిన్నదన్నది తోటి సరస్సులతో పోల్చినప్పటి మాట. దాని పొడవు 311 కిలోమీటర్లు, బాగా లోతున్న చోట 244 మీటర్లు. గట్టున నిలబడితే ఆవలి ఒడ్డు ఆనదు. ఆగస్టు చివరికల్లా ఈ నీళ్లలో పది, పన్నెండు కిలోల చినూక్ సాల్మన్లు నదీముఖాల వైపు మళ్లుతాయి. న్యూజెర్సీలో స్థిరపడ్డ నాకూ, గోదావరి లంకల్లో పెరిగిన మా బావకీ ఆ చేపను దాని వేళలో చూడాలని ఎన్నాళ్లుగానో కోరిక. కిందటేడు ఎండాకాలంలోనే కూర్చుని ప్రయాణం ఖాయం చేసుకున్నాం.

ఈ ప్రయాణానికి ముహూర్తం పెట్టేది చేపే. చినూక్ నదిలో పుట్టి, కొద్ది నెలలకే సరస్సులోకి దిగుతుంది. అక్కడ ఆల్‌వైఫ్ అనే చిన్న చేపల్ని తిని బలుస్తుంది. మూడు, నాలుగేళ్ల వయసులో తాను పెరిగిన నీటి వాసన పట్టుకుని అదే నదికి తిరిగొస్తుంది. ఒకే ఒక్కసారి గుడ్లు పెట్టి ప్రాణం విడుస్తుంది.

"బావా, అక్టోబరులో కొలంబస్ డే సెలవు కలిసొస్తుంది, అప్పుడు పెట్టుకుందామా?" అన్నాను.

"అప్పటికి చేప నదెక్కేస్తుందిరా. నీళ్లలో నిలబడి గాలం వేసేవాళ్లకి అది అదను. పడవ మీద సరస్సులో పట్టాలంటే సెప్టెంబరు నడిమే వెళ్లాలి" అన్నాడు బావ. అతను అప్పటికే సరస్సు గట్టునున్న న్యూయార్క్ రాష్ట్రపు ఊళ్ల సరంగులతో ఫోన్లో మాట్లాడి ఉన్నాడు.

సొంత పడవ లేదు కాబట్టి లైసెన్సున్న సరంగు పడవ మాట్లాడుకున్నాం. గాలాలు, ఎరలు, లైఫ్ జాకెట్లు అన్నీ వాళ్లవే. చేపలు పట్టే లైసెన్సు మాత్రం 16 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ఎవరిది వారే కొనుక్కోవాలి. బయటి రాష్ట్రాల వాళ్లకి ఒక రోజుకీ, వారానికీ విడిగా దొరుకుతుంది. రోజుకి ఎన్ని చేపలు ఉంచుకోవచ్చో, ఎంత పొడవుండాలో న్యూయార్క్ పర్యావరణ పరిరక్షణ శాఖ నియమాల్లో ఉంటుంది. వెళ్లే ముందు ఆ ఏటి నియమాలే చదువుకోవాలి.

తరవాత లెక్కలోకి తీసుకోవాల్సింది గాలి. మేం పడవెక్కిన ఆస్వీగో ఊరు సరస్సు తూర్పు కొసకి దగ్గర. పడమటి గాలి లేచిందంటే సరస్సు పొడవునా అలల్ని తోసుకుంటూ వచ్చి ఇక్కడే పడేస్తుంది. రేవు చివర ఎర్ర కప్పుతో తెల్లటి దీపస్తంభం ఉంది. 1934లో కట్టారు. 1942 డిసెంబరులో ఆ స్తంభం దగ్గర కాపలా సిబ్బందిని మార్చబోయి, తుపాను అలల్లో ఆరుగురు కోస్ట్‌గార్డ్ సిబ్బంది చనిపోయారు. అందుకే సరంగు ఫోన్లోనే చెప్పాడు, ఒక రోజు ఖాళీగా పెట్టుకుని రమ్మని. గాలి బాగోకపోతే పడవ కదలదు. తేదీ మార్చుకునే వీలుందో లేదో బయానా కట్టేముందే అడిగి తెలుసుకోవాలి.

గాలి అలల్నే కాదు, చేపనీ కదుపుతుంది. చినూక్‌కి పది నుంచి పదమూడు డిగ్రీల చల్లదనం ఇష్టం. దక్షిణం నుంచో తూర్పు నుంచో గాలి నిలకడగా వీస్తే పైనున్న వెచ్చటి నీరు లోపలికి జరిగి, అడుగునున్న చల్లటి నీరు ఈ దక్షిణపు గట్టుకి చేరుతుంది. దాంతోపాటే చేపా వస్తుంది. ఉత్తరపు గాలి వెచ్చటి నీటిని గట్టుకి నెట్టేస్తుంది. కాబట్టి వెళ్లే ముందు మూడు, నాలుగు రోజుల గాలి ఎటు వీచిందో గమనిస్తూ ఉండాలి.

స్క్రాంటన్, బింగమ్టన్, సిరక్యూజ్‌ల మీదుగా 81వ నంబరు రహదారి పట్టుకుని ఉత్తరానికి వెళ్లాం. న్యూజెర్సీలో ఇంకా పచ్చగా ఉన్న చెట్లు సిరక్యూజ్ దాటేసరికి అక్కడక్కడా ఎర్రబారుతున్నాయి. మర్నాడు చీకటితోనే పడవెక్కాం. సెప్టెంబరే అయినా చలి కోటుల్లోంచి దూరింది. తూర్పున నైన్ మైల్ పాయింట్ అణువిద్యుత్ కేంద్రం శీతలీకరణ గోపురం లేత వెలుగులో నిలబడి ఉంది. సరంగులకి అదే కొండగుర్తు.

సోనార్ తెరలో ముప్పై మీటర్ల లోతు కనబడగానే గాలాలు దించారు. డౌన్‌రిగ్గర్ పని దగ్గర్నుంచి చూడాలి. చక్రానికి చుట్టిన ఉక్కు తీగ చివర నాలుగైదు కిలోల సీసపు గుండు వేలాడుతుంది. గాలం దారాన్ని ఆ తీగకి ఒక క్లిప్పుతో తగిలించి గుండుని దించుతారు. ఎంత లోతుకి దిగిందో మీటరు చూపిస్తుంది. చల్లటి నీరు ఎక్కడ మొదలైతే అక్కడ ఆపుతారు. చీకట్లో మెరిసే రంగు పూసిన చెంచా ఆకారపు ఎర, పడవ వేగానికి లోపల తిరుగుతూ ఉంటుంది. దారం బిగువుకి గాలం కర్ర నీళ్ల వైపు వంగి ఉంటుంది. చేప లాగితే దారం క్లిప్పు నుంచి ఊడి, కర్ర ఒక్కసారి పైకి లేస్తుంది. ఆ క్షణమే చేతిలోకి తీసుకోవాలి.

కర్ర లేచింది. బావ అందుకున్నాడు. రీలు మోగుతూ దారం పోతూనే ఉంది. "పోనివ్వండి, పట్టి ఆపకండి" అన్నాడు సరంగు. చేప ఆగినప్పుడు చుట్టడం, లాగినప్పుడు వదలడం. బావ భుజాలు వణికాయి కానీ తొందరపడలేదు. వలలోకి వచ్చిన చేప వీపు ఆకుపచ్చ గోధుమ రంగుకి తిరుగుతోంది, నదెక్కే వేళ దగ్గరపడిందన్నమాట. తోక రెండు పాయల మీదా నల్లటి చుక్కలు. సరంగు నోరు తెరిచి చూపించాడు. చిగుళ్లు నల్లగా ఉన్నాయి. చినూక్‌ని గుర్తుపట్టే ఆనవాలు అదే.

ఈ చేప ఇక్కడిది కాదు. ఒకప్పుడు అంటారియోలో అట్లాంటిక్ సాల్మన్ సమృద్ధిగా ఉండేది. నదులకి అడ్డంగా మిల్లుల ఆనకట్టలు, అడవుల నరికివేత, విచ్చలవిడి వేట కలిసి 19వ శతాబ్దం ముగిసేసరికి దాన్ని తుడిచిపెట్టాయి. తినే పెద్ద చేప లేక ఆల్‌వైఫ్ మితిమీరి పెరిగింది. మరో మహా సరస్సయిన మిషిగన్ గట్ల మీద 1967లో అవి కుప్పలుగా చచ్చి పడ్డాయి. అంతకు ముందు ఏడే మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖాధిపతి హోవర్డ్ టానర్ పసిఫిక్ తీరం నుంచి తెచ్చిన గుడ్లను పొదిగించి, కోహో సాల్మన్ పిల్లల్ని నదుల్లో వదిలించాడు. న్యూయార్క్ 1968లో కోహోనీ, మరుసటి ఏడు చినూక్‌నీ అంటారియోకి తెచ్చింది.

రెండో రోజు పులాస్కీ ఊళ్లో సాల్మన్ రివర్ వంతెన మీద నిలబడి చూశాం. ముందొచ్చిన చేపలు రాళ్ల మధ్య ఎదురీదుతున్నాయి. 1989లో 33 పౌండ్ల 4 ఔన్సుల కోహో ఈ నదిలోనే దొరికింది, ప్రపంచ రికార్డు. పైన ఆల్ట్‌మార్‌లో రాష్ట్ర చేపపిల్లల కేంద్రం ఉంది. అక్టోబరులో అక్కడికి ఎక్కి వచ్చిన చేపల నుంచి గుడ్లు తీసి పొదిగిస్తారు. వసంతంలో సరంగులూ, స్థానికులూ కూలి ఆశించకుండా రేవుల్లో వల పంజరాల్లో కొన్ని పిల్లల్ని వారాలపాటు సాకి వదులుతారు. ఇప్పుడు సరస్సులోని చినూక్‌లలో దాదాపు సగం నదుల్లో సహజంగా పుట్టినవే. ఆల్‌వైఫ్ తగ్గిందని తేలినప్పుడు, 2017లో, వదిలే పిల్లల సంఖ్యను తగ్గించారు కూడా.

"గోదావరి పులసకి ఇందులో సగం శ్రద్ధ పెట్టినా బాగుండు" అన్నాడు బావ. సముద్రం నుంచి వరదకి ఎదురీది వచ్చే పులసకి ధవళేశ్వరం ఆనకట్ట అడ్డు. గుడ్లు పెట్టకముందే వలలో పడే పులసలెన్నో. ఆ మాట కాదనలేకపోయాను.

వెళ్లదలచినవారికి చివరిగా ఒక మాట. అంటారియో చేపల్లో పాత పరిశ్రమల రసాయనాల జాడ ఇంకా ఉంది. ఎంత తినవచ్చో, ముఖ్యంగా స్త్రీలూ పిల్లలూ, న్యూయార్క్ ఆరోగ్యశాఖ సూచన చూసుకోండి. తోలూ కొవ్వూ తీసేసి వండుకోండి. నదిలో చేపని ఒంటికి గాలం గుచ్చి లాగడం 1995 నుంచి నిషేధం, అది మరవకండి. మీరు కట్టే లైసెన్సు రుసుము ఈ చేపల సంరక్షణకే ఆసరా. కొని వెళ్లండి, వండుకునేంతే ఉంచుకోండి, మిగిలినవాటిని నదెక్కనివ్వండి.