రంగారావు లేని హిరణ్యకశిపుడు

ప్రహ్లాదుడి కథతో బొమ్మల సినిమా తీసి తెలుగువాళ్లకు చూపించాలంటే ధైర్యం కావాలి. మన మొదటి టాకీయే 1932 నాటి ‘భక్త ప్రహ్లాద’. 1967లో ఏవీఎం వాళ్ల రంగుల ‘భక్త ప్రహ్లాద’ వచ్చాక హిరణ్యకశిపుడంటే ఎస్వీ రంగారావే. ఆ కళ్లు, ఆ మీసం, ఆ నడక మనసులో పెట్టుకునే మనం థియేటర్‌కు వెళ్తాం.

అశ్విన్ కుమార్ దర్శకత్వంలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ 2025 జూలై 25న విడుదలైంది. ముందుగా కదిలింది పిల్లలు కాదు, నానమ్మలు. మా చంపాపేట్‌లో అయితే కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడి దగ్గర కూడా ఇదే ముచ్చట. హీరో లేడు, ఐటెం పాట లేదు, అయినా టికెట్లు దొరకలేదు. మా అమ్మను, అక్క కొడుకును తీసుకుని షేర్ ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. త్రీడీ అద్దాలు వాడి ముక్కు మీద నిలవక, సినిమా అంతా వాడొక చేత్తో పట్టుకునే చూశాడు.

స్తంభం పగిలాక మాత్రం ఆ చెయ్యి కదల్లేదు. నరసింహుడు బయటికొచ్చినప్పటి నుంచి చివరిదాకా నడిచే ఆ పోరాటమే సినిమాకు ప్రాణం. పాత సినిమాలో నటుడికి సింహం మొహం పెట్టి సరిపెట్టుకోవాల్సి వచ్చింది. కోపాన్ని మనం ఊహించుకున్నాం. ఇక్కడ ఊహకు పని లేదు. జూలు, పంజా, గర్జన ఒక్కటై మీద పడతాయి. శామ్ సి.ఎస్. సంగీతం కుర్చీని కూడా వణికిస్తుంది. మరీ చిన్నపిల్లలు జడుసుకునేంత ఉగ్రం అది. ఐదేళ్లలోపు వాళ్లను తీసుకెళ్లొద్దనే నా మాట.

అయితే ఈ కథలో అసలు యుద్ధం గోళ్లతో జరిగింది కాదు. ఎక్కడున్నాడురా నీ హరి అని తండ్రి అడగడం, అంతటా ఉన్నాడని కొడుకు చెప్పడం. పోతన చదివినవాళ్లకు, చదవకపోయినా పురాణం విన్నవాళ్లకు అదే కథ. సినిమా తేలిపోయేదీ అక్కడే. తండ్రి కోపంలో ప్రేమ కనబడదు. కొడుకు కళ్లు పెద్దవే గానీ వాటిలో తడి లేదు. పెదవులు ఒకటి అంటుంటే తెలుగు మాట ఇంకొకటి అంటుంది. నడకలు వీడియో గేమ్‌లో సైనికుడివి.

దీనికి కారణం ఉంది. సెకనుకు ఇరవైనాలుగు ఫ్రేములు పరుగెత్తే పోరాటంలో దుమ్ము, వెలుగు, వేగం లోపాలను కప్పేస్తాయి. మొహం నిశ్చలంగా ఉంటే కనురెప్ప ఆలస్యమైనా దొరికిపోతుంది. హైదరాబాద్‌లోనే తయారయ్యే ఛోటా భీమ్‌కు ఈ చిక్కు లేదు. నాలుగు గీతల మొహం, రెండు చుక్కల కళ్లు. మనిషిలా ఉండాలని అది కోరుకోదు కనుక తప్పూ పట్టం. నరసింహలో చర్మం, జుట్టు, నగలు అన్నీ నిజంలా చేశారు. ఆ నిజమే మొహాల దగ్గర ఎదురు తిరిగింది.

మొదట్లో వచ్చే హిరణ్యాక్షుడి, వరాహావతారపు కథ కూడా నాకు కాస్త సాగదీసినట్టే అనిపించింది. అమ్మ ఒప్పుకోలేదు. బయటికొచ్చాక ఆమె తీర్పు ఒక్కటే: ‘‘రంగారావు లేడు గానీ, దేవుడు మాత్రం వచ్చిండు.’’

ఈ అవతారాల సినిమాల వరసలో తర్వాతిది పరశురాముడట, 2027లో. గండ్రగొడ్డలి గురించి దిగులు లేదు, దాన్ని వీళ్లు బ్రహ్మాండంగా తిప్పుతారు. జమదగ్ని కొడుకును పిలిచి రేణుక తల నరకమంటాడే, ఆ కొడుకు మొహాన్ని ఎలా గీస్తారన్నదే నా అనుమానం. టికెట్ మాత్రం ఈసారి ముందే బుక్ చేస్తాను.