డబ్బాలో బీరు, కుండలో లంద

శబరి ఒడ్డున మా ఇంట్లో లంద కుండ ఎక్కడ పెడతారో మాకు చిన్నప్పుడే తెలుసు. పొయ్యికి కాస్త ఎడంగా, గోడ మూలన, వరిగడ్డి చుట్టి ఉండేది. ఆశ్రమ పాఠశాలలో చేరాక మాత్రం ఆ కుండ సంగతి ఎవరి దగ్గరా ఎత్తలేదు. ఒకసారి పండక్కి ఇంటికెళ్లి తిరిగొచ్చిన రోజు తరగతిలో, "మీ ఇళ్లల్లో లంద తాగేవాళ్లు ఎవరెవరు? చేతులెత్తండి" అని అడిగారు. ఇద్దరు ముగ్గురు ఎత్తారు. మిగతావాళ్లు నవ్వారు. మేం ఎత్తలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో అలాంటి కుండే లేనట్టు పెరిగాం.

మేం అంటే ఇద్దరం, బావా బావమరుదులం. ఆ కుండ పెట్టే మనిషి మాలో ఒకరికి అమ్మమ్మ, ఒకరికి నాయనమ్మ. ఇద్దరం అవ్వ అనే పిలుస్తాం. అవ్వ పుట్టిల్లు శబరికి అవతల, మోటు వైపు. లంద పని ఆమె అక్కడే వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది.

చాలా ఏళ్ల తర్వాత ఇద్దరం ఒకే ఏడాది స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్‌లో చదువుకోవడానికి వెళ్లాం. అద్దె ఇల్లు, అక్టోబరు చలి. ఒక సాయంత్రం బకెట్లు, గిన్నెలు, గోడ రంగులు అమ్మే దుకాణానికి వెళ్తే, ఒక అర నిండా బీరు కిట్లు కనిపించాయి. పెట్టె మీద "40 పైంట్లు" అని ఉంది. అంటే సుమారు 23 లీటర్లు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇంట్లో బీరు చేసుకోవడానికి సామాను బహిరంగంగా, ధర చీటీ అంటించి, సబ్బుల పక్కన పెట్టి అమ్ముతున్నారు! కొనేవాళ్లలో మా పాఠాలు చెప్పే మాస్టార్ల వయసు వాళ్లూ ఉన్నారు. ఎవరూ నవ్వడం లేదు.

కొన్నాం. డబ్బాలో బెల్లం పాకం లాంటి చిక్కటి నల్లటి ద్రవం ఉంది. మూత కింద ఈస్ట్ పొట్లం. విడిగా మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ బకెట్, గాలిని బయటికి వదిలి లోపలికి రానివ్వని చిన్న గొట్టం, దాన్ని ఎయిర్‌లాక్ అంటారు. ఇంకా హైడ్రోమీటర్, అంటే పాలకేంద్రంలో పాలల్లో ముంచే లాక్టోమీటరు లాంటిది. సామాను కడిగాక సూక్ష్మజీవులు చచ్చిపోవడానికి వాడే మందు.

చేసే పద్ధతి కష్టమేం కాదు. ముందు బీరుకు తగిలే ప్రతి వస్తువునూ కడిగి మందు నీళ్లల్లో తిప్పాలి. డబ్బాను వేడినీళ్లలో కాసేపు ఉంచితే పాకం పలచనవుతుంది. దాన్ని రెండు మూడు లీటర్ల మరిగిన నీళ్లల్లో, కిలో చక్కెరతో కలిపి కరిగించాలి. చన్నీళ్లు పోసి 23 లీటర్లు చేయాలి. వేడి 20 డిగ్రీల దగ్గరికి దిగాక ఈస్ట్ చల్లి మూత పెట్టాలి. మర్నాటికల్లా ఎయిర్‌లాక్‌లో బుడగలు మొదలవుతాయి. ఈస్ట్ చక్కెర తిని సారాయిని, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. ఆ వాయువే ఆ బుడగలు.

మాకూ బుడగలు వచ్చాయి. నాలుగో రోజు ఆగిపోయాయి. అయిపోయిందనుకున్నాం. హైడ్రోమీటర్ ముంచి చూడాలని కాగితంలో రాసే ఉంది. "ఇది మనకెందుకు, బుడగలు ఆగితే పులుపు ఆగినట్టే కదా" అనుకున్నాం. ఖాళీ గాజు సీసాల్లో నింపి, చెంచా చక్కెర చొప్పున వేసి, మూతలు బిగించి, గదిలో హీటర్ పక్కన పెట్టాం. మూడో రాత్రి టపాసు పేలినట్టు చప్పుడు. లేచి చూస్తే రెండు సీసాలు బద్దలయ్యాయి. గోడంతా నురగ, నేలంతా గాజు పెంకులు. మంచం మీద పడుకున్న చోటికి పెంకు ఎగిరి రాకపోవడం మా అదృష్టం.

మర్నాడు ఇంటికి ఫోన్ చేసినప్పుడు నవ్వులాటగా అవ్వకు చెప్పాం. అవ్వ నవ్వలేదు. కోయలో అడిగింది: "కుండకి చలేసిందేమో చూశారా?"

మేం చూడలేదు. పగలు కాలేజీకి పోయేటప్పుడు డబ్బు మిగులుతుందని హీటర్ ఆపేసేవాళ్లం. ఇల్లు 12, 13 డిగ్రీలకు దిగేది. ఆ చలికి ఈస్ట్ పని ఆపేసి అడుగున పడుకుంది. చక్కెర ఇంకా మిగిలే ఉంది. మేం దానికి మరింత చక్కెర వేసి, సీసాలో బంధించి, హీటర్ పక్కన వెచ్చగా పెట్టాం. ఈస్ట్ మళ్లీ లేచింది. వాయువుకు దారి లేక సీసా పగిలింది. మేం సైన్సు చదువుకున్నవాళ్లం. ఈ కారణం మాకు తట్టలేదు. వరిగడ్డి ఎందుకు చుడతారో తెలిసిన మనిషికి ఫోన్‌లోనే తెలిసిపోయింది.

తర్వాత ఆమె ఇంకో మాట అడిగింది. "మొలకలు ఎవరు కట్టారు?"

ఎవరూ కట్టలేదని, డబ్బాలోనే అంతా ఉందని చెప్పాం.

"అయితే మీరు వండలేదు. వడ్డించుకున్నారు" అంది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేశాక అది ఎంత నిజమో తెలిసింది. ఈస్ట్ పిండిపదార్థాన్ని నేరుగా తినలేదు. దానికి చక్కెర కావాలి. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని పిండిని చక్కెరగా మార్చుకునే ఎంజైములను తయారుచేసుకుంటుంది. బీరుకు బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెడతారు. అదే మాల్ట్. దాన్ని వేడినీళ్లలో నానబెడితే తీపి రసం వస్తుంది. ఆ రసంలో హాప్స్ అనే తీగ పువ్వులు వేసి కాచి, చిక్కగా చేసి డబ్బాలో పోస్తారు. అంటే కిట్టు కొన్నవాడు పని సగం నుంచి మొదలుపెడతాడు. అసలు కష్టం అప్పటికే ఫ్యాక్టరీలో అయిపోయింది.

అవ్వ గింజ దగ్గర మొదలుపెడుతుంది. చోళ్లు నానబెట్టి, దంచి పిండి చేస్తుంది. ఆ పిండిని ఆవిరి మీద ఉడికిస్తుంది. విడిగా కొన్ని చోళ్లో మొక్కజొన్నలో మొలక కట్టి, ఎండబెట్టి దంచుతుంది. ఉడికిన పిండి చల్లారాక మొలకల పొడి, నీళ్లు కలిపి కుండలో పెడుతుంది. ఎండాకాలం మూడు రోజులు, చలికాలం వారం. పిండి ఉడకబెట్టడం, మొలక ఎంజైముతో చక్కెర చేయడం, కుండను వెచ్చగా ఉంచడం, అన్నీ బీరు శాస్త్రంలో ఉన్నవే. ఎంజైము అన్న మాట ఆమెకు తెలియదు. "మొలక వేయకపోతే గంజే, లంద కాదు" అన్నది మాత్రం తెలుసు.

రెండోసారి బకెట్‌కు దుప్పటి చుట్టాం. హైడ్రోమీటర్ రోజూ ముంచి పుస్తకంలో రాశాం. మొదట 1.040 ఉంది. పది రోజులకు 1.010కి దిగి, వరసగా మూడు రోజులు అక్కడే నిలిచింది. అప్పుడే సీసాల్లో నింపాం, ఈసారి ప్లాస్టిక్ సీసాల్లో, అర చెంచా చక్కెరతో. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131తో గుణిస్తే సారాయి శాతం వస్తుంది. మాది సుమారు 4 శాతం. నెల తర్వాత తాగాం. గొప్పగా ఏం లేదు. కానీ చెడిపోలేదు, పేలలేదు.

ఈ సంగతి తెలిసి ఇంట్లో అందరూ సంతోషించలేదు. మాలో ఒకరి నాన్న నాటుసారా తాగి తాగి నలభై ఏళ్లకే పోయాడు. ఆ అమ్మ ఫోన్‌లో, "అంత దూరం పోయి నేర్చుకున్నది ఇదా నాయనా?" అని ఊరుకుంది. మా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ ఆమె మాట తప్పు అనలేం. లంద చిక్కగా ఉంటుంది, కడుపు నింపుతుంది, కుండ ఖాళీ అయితే మళ్లీ వారం ఆగాలి. పొలం పనికి పదిమంది కలిసినప్పుడు, పండక్కి, పెళ్లికి పెడతారు. బెల్లం ఊట బట్టీ పెట్టి దించిన సారా అలా కాదు. కాచి ఆవిరి పట్టడంతో మత్తు ఎన్నో రెట్లు పెరుగుతుంది, అందులో ఏం కలిపారో తెలియదు, రోజూ అమ్మకానికి దొరుకుతుంది. రెండిటినీ ఒకే గాటన కట్టి మమ్మల్ని తరగతిలో చేతులెత్తమన్నారు. అయితే లంద ఎక్కువ తాగినా మత్తే. చిన్నపిల్లలకు అదీ మంచిది కాదు. మా గొప్ప చెప్పుకోవడానికి ఈ నిజాన్ని దాచకూడదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లోనూ మొదటినుంచీ ఇలా లేదు. 1880 చట్టం తర్వాత ఇంట్లో బీరు చేసుకోవడానికి లైసెన్స్ కావాల్సి వచ్చింది. 1963 బడ్జెట్‌లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ దాన్ని తీసేశాడు. ఇంటి అవసరానికి చేసుకోవచ్చు, అమ్మకూడదు. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకంతో దేశ చట్టం దారి ఇచ్చింది. అయినా అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు 2013 దాకా ఒప్పుకోలేదు. మన దగ్గర 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద లైసెన్స్ లేకుండా మత్తు పానీయం తయారుచేయడం నేరం. కాబట్టి ఇది చదివి ఎవరూ కిట్టు తెప్పించుకుని మొదలుపెట్టవద్దు. కానీ 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల నిషేధం, నియంత్రణ విషయంలో గ్రామసభకు అధికారం ఉండాలని చెప్పింది. ఆ సభలో కూర్చునేది మనమే. లంద ఏమిటో, సారా ఏమిటో, దేన్ని ఆపాలో, దేన్ని పండగకు ఉంచుకోవాలో మాట్లాడాలంటే ముందు మన పని మనకు తెలియాలి. సిగ్గుతో దాచుకున్నదాని గురించి సభలో ఎవరూ మాట్లాడలేరు.

చదువు అయ్యాక ఇంటికి వచ్చాం. మూల ఖాళీగా ఉంది. అవ్వకు దంచే ఓపిక పోయి మూడేళ్లు అయిందట. మా ఇళ్లల్లో ఇంకెవరూ నేర్చుకోలేదు. ఎలా నేర్చుకుంటారు? అందరం చేతులు దించుకున్నవాళ్లమే.

అందుకే ఒక పని చేశాం. అవ్వను అరుగు మీద కూర్చోబెట్టి, పుస్తకం తెరిచి, మొదటి నుంచి చివరి దాకా చెప్పమన్నాం. "మొలకలు ఎన్ని?" అంటే "దోసెడు" అంది. ఆ దోసెడు తూచాలని కొట్టు నుంచి తక్కెడ తెచ్చాం. మూడుసార్లు తీసి పోసింది. మూడుసార్లూ కాటా ముల్లు దాదాపు ఒకే చోట ఆగింది. ఇంగ్లండ్‌లో హైడ్రోమీటర్ కొని కూడా మేం కొలవని కొలత అది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల్ని చేతులెత్తమనే బదులు ఇలా చేసి చూడండి, ఇందులో మత్తు లేదు. చోళ్ల పిండితో చిక్కటి జావ కాచి, చెయ్యి పెడితే బాగా వేడి తగిలేంత వరకు, సుమారు 60 డిగ్రీలకు, చల్లార్చండి. రెండు గిన్నెల్లో పోసి, ఒకదాంట్లో మాత్రం మొలకెత్తించి ఎండబెట్టిన చోళ్ల పొడి రెండు చెంచాలు కలపండి. గంటసేపు రెండిటికీ గుడ్డ చుట్టి వెచ్చగా ఉంచండి. మొలకపొడి కలిపిన జావ నీళ్లలా పలచనై తియ్యబడుతుంది. పలచన చేసిన ఆ జావ నుంచి కొంచెం వేరే తీసి అయోడిన్ చుక్క వేస్తే, రెండో గిన్నెలో జావకు వచ్చినంత ముదురు నీలం రాదు. అయోడిన్ వేసింది తాగకూడదు, పారబోయాలి. ఎందుకిలా అయింది అని పిల్లల్ని అడగండి. ఎవరో ఒకరు, మా అవ్వ ఇలాగే చేస్తుంది అంటారు. అప్పుడు ఆ అవ్వను బడికి పిలవండి.

యువకులకు చెప్పేది అంతకంటే చిన్నది. మీ ఇంట్లో అలాంటి మనిషి ఇంకా ఉంటే ఒక పుస్తకం, ఒక తక్కెడ తీసుకుని ఈ వారమే కూర్చోండి. మేం రాసుకున్నది పదకొండు పేజీలు. అందులో రెండు చోట్ల, "ఇది అవ్వకు గుర్తులేదు" అని రాసి ఖాళీ వదిలేశాం.