అక్క ఎముకలతో రాజమండ్రికి

భీమవరం టౌన్ స్టేషన్లో తెల్లవారుజామునే పాసింజరు ఎక్కాం, నేనూ మా మేనల్లుడూ. వాడి ఒళ్లో ఎర్రగుడ్డ కట్టిన చిన్న మట్టికుండ. అందులో మా అక్క. అస్థికల కుండని నేలమీద పెట్టకూడదంటారు పెద్దవాళ్లు, అందుకని రెండు రోజులుగా పెరట్లో వేపకొమ్మకి వేలాడదీసి ఉంచాం. బండి కదిలాక వాడు దాన్ని రెండు చేతులతో కాస్త పైకెత్తి చూసి, "ఇంత తేలికా మామయ్యా?" అన్నాడు.

నేను కాకినాడలో ముప్ఫై రెండేళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఊరడించే మాటలు నాకు చేతకావు. తెలిసింది చెప్పాను.

బతికున్న ఎముకలో నీళ్లుంటాయిరా, కొల్లాజెన్ అనే పీచు ఉంటుంది, ఆ పీచు మీద పేరుకున్న ఖనిజం ఉంటుంది. నిప్పు నీళ్లనీ పీచునీ తీసుకుపోతుంది. ఖనిజం మాత్రం మిగులుతుంది. అది కాల్షియమూ ఫాస్ఫేటూ కలిసిన రాయి. పీచు ఉండబట్టే ఎముక కాస్త వంగి తట్టుకుంటుంది, రాయి ఉండబట్టే బరువు మోస్తుంది. పీచు పోయాక సుద్దముక్కలా చిట్లుతుంది. మొన్న ఎముకలేరి పాలతో కడిగినప్పుడు నీ వేళ్ల మధ్య చిట్లింది అందుకే, నువ్వు గట్టిగా పట్టుకున్నందుకు కాదు.

వాడు ఆ రోజు నుంచీ అదే బాధపడుతున్నాడని నాకు తెలుసు.

ఆ చిట్లిన ముక్క తుంటి ఎముకది. లోపల తేనెపట్టులా సన్నటి గోడల గదులు కనిపించాయి. నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. మూలుగ ఉండేది ఆ గదుల్లోనే. చిన్నప్పుడు ఆదివారం మాంసం వండితే నాన్న మూలుగ ఎముకని కంచం అంచుకి తట్టి అక్కకి పెట్టేవాడు, రక్తం పడుతుందని. ఆయనకి శాస్త్రం తెలియదు గానీ ఎముకకీ రక్తానికీ చుట్టరికం ఉందని తెలుసు. పసివాళ్లలో దాదాపు ప్రతి ఎముకలోనూ రక్తం తయారవుతుంది. పెద్దయ్యాక తుంటి, రొమ్ముటెముక, పక్కటెముకలు, వెన్నుపూసల లాంటి చోట్లే ఎర్రమూలుగ నిలుస్తుంది. కాళ్లూ చేతుల పొడుగు ఎముకల్లో చాలామటుకు కొవ్వు నిండిపోతుంది. ఆ కాస్త చోటులోనే సెకనుకి ఇరవై లక్షలకు పైగా ఎర్రకణాలు పుడతాయి. బయటికి వచ్చే ముందు ఒక్కొక్కటీ తన కేంద్రకాన్ని పుట్టింట్లోనే వదిలేస్తుంది, ప్రాణవాయువుని మోసే హిమోగ్లోబిన్‌కి చోటు కావాలి కదా. అలా వట్టి ఒంటితో వచ్చి 120 రోజులు తిరిగి రాలిపోతుంది. ప్లేట్‌లెట్లకైతే పది రోజుల ఆయుష్షే. తెల్లకణాల్లో కొన్ని గంటల లెక్కన పోతాయి.

అత్తిలి దాటేసరికి బాగా వెలుగొచ్చింది. పొట్టకొచ్చిన వరి, మధ్యమధ్య రొయ్యల చెరువులు, పక్కనే నిండుగా కాలువ. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువ, దాన్నుంచి పంటబోదె, బోదె నుంచి మడి. గట్టి ఎముకని పలచటి బిళ్లగా కోసి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడల్లా నాకు మన డెల్టాయే గుర్తొచ్చేది. ఎముక నిలువునా సన్నటి కాలువలుంటాయి. 1691లో క్లాప్టన్ హావర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు వాటి గురించి రాశాడు, ఆయన పేరుతోనే పిలుస్తాం. ఒక్కో కాలువలో రక్తనాళం, చుట్టూ చెట్టుకాండం వలయాల్లా పొరలు, పొరల మధ్య చిన్న చిన్న గుంటల్లో ఎముక కణాలు. గుంటకీ గుంటకీ వెంట్రుకకన్నా సన్నటి బోదెలు. నీరందని మడి ఎండినట్టే రక్తమందని ఎముక చచ్చిపోతుంది.

అక్క తుంటి విరిగినప్పుడు మేనల్లుడికి నేనలాగే చెప్పాను. స్నానాలగది గుమ్మం దగ్గర జారిపడింది. తొడ ఎముక మెడ దగ్గర విరిగింది. "అతుక్కుంటుంది కదా, కట్టుకడితే చాలదా?" అని వాడి పట్టు. ఆ గుండ్రటి తలకాయ శివారు చేనులాంటిదిరా అన్నాను. దానికి రక్తం చాలావరకు మెడమీదుగా, కింద నుంచి పైకి ఎక్కి వెళ్లాలి. మెడ విరిగితే బోదె తెగినట్టే. శివారు రైతు కొడుకు కదా, ఇట్టే అర్థమైంది. ఆపరేషన్ చేసి ఉక్కుబంతి వేశారు. అక్క ఆ తర్వాత ఏడాదిన్నర వాకిట్లో తిరిగింది, తోటకూర మడికి నీళ్లు పోసుకుంది. మొన్న బూడిదలో ఆ బంతి దొరికింది. కుండలో వెయ్యలేదు.

ఎముక గుల్లబారడం కూడా నిన్నటికి నిన్న జరిగింది కాదు. ఎముకలో కట్టే కణాలుంటాయి, కొరికే కణాలుంటాయి. పాతది కొరికి కొత్తది కట్టడం రోజూ జరిగే మరమ్మతే, పెద్దవాళ్ల ఎముకల్లో ఏడాదికి పదోవంతు ఇలా మారుతుంది. ఆడవాళ్లకి ముట్లుడిగాక కొరికేది ముందుకీ కట్టేది వెనక్కీ పోతుంది. నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచేది మరొకటి. కొరికే కణం రక్తకణాల వంశమే. మూలుగలో తెల్లకణాలు పుట్టే కొమ్మ నుంచే అదీ పుడుతుంది. ఎముక రక్తాన్ని పుట్టిస్తుంది, రక్తం తిరిగొచ్చి ఎముకని చెక్కుతుంది. పుస్తకాల్లో రెండూ వేరువేరు అధ్యాయాలుగా ఎందుకుంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

తణుకులో ఇడ్లీ పొట్లాలు కొందామంటే మేనల్లుడు వద్దన్నాడు. నిమజ్జనం అయ్యేదాకా ఏమీ ముట్టనన్నాడు. కాసేపటికి, "అమ్మ ఆదివారం మాత్రలు ఇంకా రెండు అట్టలు మిగిలున్నాయి" అన్నాడు.

ఆదివారం మాత్ర అంటే మెథోట్రెక్సేట్. యాభై దాటాక అక్కకి రుమటాయిడ్ కీళ్లవాతం వచ్చింది. వారానికి ఒక్కరోజే వెయ్యాలి. పొరపాటున రోజూ వేస్తే మూలుగ ఎండిపోయి ప్రాణం మీదికొస్తుంది. అందుకని క్యాలెండర్లో ఆదివారాల చుట్టూ సున్నాలు చుట్టేది. సోమవారం ఫోలిక్ యాసిడ్ మాత్ర. రెండు మూడు నెలలకోసారి రక్తపరీక్ష చేయించుకుని అంకెలు నాకు ఫోన్లో చదివేది. "తెల్లకణాలు ఆరువేల రెండొందలంట్రా తమ్ముడూ, పర్లేదా?" ఆ ఫోన్ ఇక రాదు.

కణం రెండుగా చీలాలంటే ముందు తన లోపలి డీఎన్ఏ పోగుకి నకలు తీసుకోవాలి. దానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. 1941లో పాలకూర నుంచి తీసి, లాటిన్లో ఆకు అనే మాటతో దానికి పేరు పెట్టారు. మూలుగలాగా ఎడతెగకుండా కణాలు చీలే చోట అది తగ్గితే పని మొదట అక్కడే ఆగుతుంది. కణాలు పెరుగుతాయి గానీ చీలలేవు. గర్భిణుల స్లయిడ్లలో ఎన్నిసార్లు చూశానో, ఉబ్బిన పెద్ద ఎర్రకణాలు, ఆరేడు తమ్మెలుగా విడిపోయిన తెల్లకణాల కేంద్రకాలు. మెథోట్రెక్సేట్ చూడటానికి ఫోలిక్ యాసిడ్‌కి కవలలాంటిది. దాని చోట్లో కూర్చుని చీలికని ఆపుతుంది. ఎక్కువ మోతాదులో క్యాన్సర్‌ని అడ్డుకుంటుంది, వారానికో చిన్న మోతాదైతే కీళ్ల వాపుని చల్లారుస్తుంది.

ఈ రెండు మందుల వెనకా ఉన్నాయన భీమవరంలో పుట్టాడని అక్కకి చెప్పినప్పుడు క్యాలెండర్ పక్కన ఆయన పేరు రాసుకుంది. 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. చదువు రాజమండ్రిలో. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాతో స్ప్రూ జబ్బుకి పోయారు, ఆయనా దాని బారిన పడి తేరుకున్నారు. పేగు ఆహారాన్ని పీల్చుకోలేక, ఫోలిక్ యాసిడ్ అందక, రక్తం విరిగిపోయే జబ్బది. అనపర్తి మామగారి సాయంతో 1922లో బోస్టన్ చేరారు. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. మాలిబ్డేట్ కలిపితే నీలం రంగు తేలుతుంది, నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత. ఆ నీలాన్ని నా చేతులతో కొన్ని వేలసార్లు చూశాను. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపించిన బృందం ఫోలిక్ యాసిడ్‌ని 1945 నాటికి కృత్రిమంగా తయారుచేసింది. అక్కడే దాని వ్యతిరేకులూ పుట్టాయి. వాటిలో అమినాప్టెరిన్‌ని సిడ్నీ ఫార్బర్ బోస్టన్లో రక్తక్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకి ఇచ్చి, పదిమందిలో కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు పోయారు, 53 ఏళ్లకి. మళ్లీ ఈ నేల మీద కాలు పెట్టలేదు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్లకి వాళ్లని బతికించగలిగే మందు చేతికొచ్చినప్పుడు ఆయనకి ఎలా అనిపించి ఉంటుందో అని ఆ బండిలో చాలాసేపు ఆలోచించాను.

నిడదవోలులో బండి చాలాసేపు ఆగింది. కొవ్వూరు దాటి వంతెన ఎక్కగానే పెట్టెలో అందరూ కిటికీల్లోంచి దండాలు పెట్టి చిల్లర విసిరారు. మేనల్లుడు కుండని గుండెకి అదుముకున్నాడు.

కోటిలింగాల రేవులో పంతులుగారు గోత్రం, పేరు అడిగారు. వాడు అమ్మ పేరు చెబుతూ ఆగిపోతే నేను అందించాను. మొలలోతు నీళ్లలోకి దిగి, ఎర్రగుడ్డ విప్పి, కుండని నెమ్మదిగా వంచాడు. తెల్లటి ముక్కలు తళుక్కుమని మునిగిపోయాయి. బూడిద మాత్రం కాసేపు నీటిమీద చారలా సాగి దిగువకి కదిలింది.

ఒంట్లోని కాల్షియంలో నూటికి తొంభైతొమ్మిది పాళ్లు, ఫాస్ఫరస్‌లో ఎనభై అయిదు పాళ్లు ఎముకల్లో, పళ్లలోనే ఉంటాయి. వరికి వేసే భాస్వరమూ అదే.

"ఇక్కణ్ణుంచి ఎక్కడికి పోద్ది మామయ్యా?" అన్నాడు, తడిబట్టలతో మెట్టు మీద కూర్చుని.

"కింద ధవళేశ్వరం ఆనకట్ట. అవతలి ఒడ్డున విజ్జేశ్వరం దగ్గర మన పశ్చిమ డెల్టా కాలువ మొదలవుద్ది కదా."

"మన చేలోకి వచ్చేది ఆ నీళ్లే."

"ఆ నీళ్లేరా."

వాడు లేచి మళ్లీ మోకాళ్లలోతుకి దిగి, ఖాళీ కుండ కడిగి, దాన్ని కూడా వదిలేశాడు.